పెట్టుబడికి ఒప్పందం, కూలీకి ఏజెంటు

అందరికీ నమస్కారం. భారత్, యూఏఈ ఆర్థిక సంబంధాల గురించి కరీంనగర్‌లో మాట్లాడటం సాహసమే. దుబాయ్ సంగతులు నాకంటే బాగా తెలిసినవారు ఈ హాలులో చాలామందే ఉంటారు.

ఒకప్పుడు దుబాయ్ బజారులో మన రూపాయే చెల్లేది. ఆ రూపాయలతో బంగారం కొని దొంగచాటుగా మన తీరానికి చేర్చేవారు. అక్కడ పోగుపడిన నోట్లకు బదులుగా రిజర్వు బ్యాంకు విదేశీ మారకద్రవ్యం ఇచ్చుకోవలసి వచ్చేది. ఆ బాధ పడలేక 1959లో గల్ఫ్ కోసమే వేరే రంగు నోట్లు తెచ్చారు. 1966లో రూపాయి విలువ తగ్గించాక దుబాయ్, అబుదాబి వాటిని వదిలేశాయి. 2023 జులైలో మళ్లీ మన రూపాయి, యూఏఈ కరెన్సీ దిర్హమ్‌లలోనే నేరుగా చెల్లింపులు జరుపుకోవడానికి రెండు కేంద్ర బ్యాంకులు అంగీకారానికి వచ్చాయి.

అంతకుముందే, 2022 మే 1న, సరుకులపై సుంకాలు తగ్గించుకునే సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం ఇరుదేశాల మధ్య అమలులోకి వచ్చింది. 2024-25లో ఇరుదేశాల సరుకుల వ్యాపారం సుమారు 10 వేల కోట్ల డాలర్లకు చేరింది. అంకె ఘనంగానే ఉంది కానీ, అందులో చమురు, బంగారం, వజ్రాల బరువు ఎంతో కూడా చూడాలి. ఒప్పందం ప్రకారం నిర్ణీత పరిమాణం వరకు బంగారంపై సుంకం ఒక శాతం తక్కువ. మనవాళ్ల తెలివి అక్కడితో ఆగుతుందా? బంగారంలో కాస్త ప్లాటినం కలిపి, ప్లాటినం మిశ్రమం పేరుతో ఇంకా తక్కువ సుంకానికి దించారు. ఆ దారి మూయడానికి ప్రభుత్వం ఆంక్షలు పెట్టవలసి వచ్చింది.

అసలు సంగతికి వస్తాను. 2024 ఆగస్టు 31 నుంచి పెట్టుబడుల ఒప్పందం కూడా అమలులో ఉంది. దాని ప్రకారం వివాదం వస్తే పెట్టుబడిదారు మూడేళ్లు స్థానిక న్యాయస్థానాల్లో ప్రయత్నించి, ఆపైన అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి వెళ్లవచ్చు. ఏ దేశంతో బేరానికైనా మనం ముందు పెట్టుకునే ముసాయిదా, అంటే మన నమూనా ఒప్పందంలో ఆ గడువు ఐదేళ్లు. అవతలివారికి రెండేళ్లు తగ్గించాం. మరి జీతం అందని జగిత్యాల మేస్త్రీకి ఏ మధ్యవర్తి ఉన్నాడు? 2020 సెప్టెంబరులో గల్ఫ్ కార్మికులకు మన కేంద్ర ప్రభుత్వం సూచించే కనీస వేతనాలను ఆ ప్రభుత్వమే తగ్గించింది. గల్ఫ్ సంఘాలు పోరాడాయి, వ్యవహారం తెలంగాణ హైకోర్టు దాకా వెళ్లింది. 2021 జులైలో పాత వేతనాలు తిరిగి వచ్చాయి. సుంకాల దగ్గర అంత గట్టిగా బేరమాడే మనం కూలి దగ్గర ముందే తగ్గిపోయాం. ఇది నాకు మింగుడుపడదు.

రిజర్వు బ్యాంకు సర్వే ప్రకారం 2023-24లో మన దేశానికి వచ్చిన ప్రవాస సొమ్ములో దాదాపు ఐదో వంతు యూఏఈ నుంచే. ఆ సొమ్ము పంపేవారిలో ఎందరో ఊళ్లో వడ్డీకి తెచ్చి ఏజెంటుకు పోసినవారే. లైసెన్సు ఉన్న ఏజెంటు ముప్పై వేల రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. కానీ పదో తరగతి పాస్ కానివారు గల్ఫ్‌లో పనికి వెళ్లాలంటే మన ప్రభుత్వం ఇచ్చే వలస అనుమతి తప్పనిసరి కాబట్టి, దాన్ని తప్పించడానికి విజిట్ వీసా మీద పంపుతారు. అలా వెళ్తే వలస కార్మికులకు ఉండే పది లక్షల రూపాయల ప్రవాసీ బీమా ఉండదు, ఒప్పంద పత్రం ఉండదు. కొన్నాళ్లకు ఖల్లివెల్లి, అంటే సరైన కాగితాలు లేకుండా అక్కడే ఉండిపోయే కూలీలు, అయిపోతారు.

ఆర్థిక భాగస్వామ్య ఒప్పందానికి ఒక ఉమ్మడి కమిటీ ఉంది. వేతన బకాయిలు, ఏజెంట్ల వసూళ్లు దాని ఎజెండాలో శాశ్వత అంశాలుగా ఉండాలని మన ఎంపీలు పార్లమెంటులో అడగాలి. ఇక ప్రశ్నలకు వద్దాం. వీసా కాగితాలు వెంట తెచ్చుకున్నవారుంటే ముందు వాటిని చూద్దాం.