పల్లెవెలుగు విమానం

శ్రోతలకు నమస్కారం. కడప ఆర్టీసీ డిపోలో ఇరవై ఆరేళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి నేను. అందులో ఎక్కువ కాలం డ్యూటీ చార్టు రాసే బల్ల దగ్గరే గడిచిపోయింది. తెల్లవారి 4 గంటల పులివెందుల బస్సు ఎవరు తీయాల, రాత్రికి అక్కడే ఆగే జమ్మలమడుగు నైట్ అవుట్ ఎవరికి, సెలవు పెట్టినవాని బదులు ఎవర్ని పంపాల, ఇదే నా లోకం. అట్లాంటివాణ్ణి విమానాల గురించి మాట్లాడమంటే నవ్వొచ్చింది. కానీ మా అక్క కొడుకు పైలట్. మొన్న సంక్రాంతికి వచ్చి మిద్దె మీద కూర్చుని వాడి డ్యూటీ సంగతులు చెప్తా ఉంటే, వీడు చెప్పేది మా డిపో కథే కదా అనిపించింది.

మొదట కొలువు సంగతి చెప్తాను. పేపర్లో పైలట్ల కొరత అని చదువుతుంటాం. 2023లో ఇండిగో ఒక్కసారే 500 విమానాలు కొంటామనింది, ఎయిరిండియా అదే ఏడు 470 అనింది. ఇన్ని విమానాలు నడపను మనుషులు కావద్దా అని తల్లిదండ్రులు అప్పులు చేసి పిల్లల్ని ఫ్లయింగ్ స్కూలుకు పంపుతున్నారు. మా బావ రెండెకరాల చీనీ తోట అమ్మినాడు. ఇంటర్లో లెక్కలు, ఫిజిక్స్ చదివి, ఆ పైన 200 గంటలు విమానం నడిపి, పరీక్షలు, మెడికల్ పాసైతే కమర్షియల్ లైసెన్సు చేతికొస్తుంది. ఆ లైసెన్సు బీరువాలో పెట్టుకుని మావాడు రెండున్నరేళ్లు ఇంట్లో కూర్చున్నాడు.

"కొరత కొరత అంటారు, నిన్నెవరూ పిలవరేమిరా?" అని అడిగితే, "కొరత కుడిపక్క సీటుకు కాదు మామా, ఎడమపక్క సీటుకు" అన్నాడు.

ఎడమపక్క కూర్చునేది కెప్టెన్. ఆ సీటుకు 1500 గంటలు నడిపినవాళ్లకిచ్చే పెద్ద లైసెన్సు ఉండాల. అదేమో రాత్రికి రాత్రి తయారయ్యే సరుకు కాదు. కొత్త పిల్లలు వాకిట్లో వరుస కట్టి ఉంటే, కంపెనీలు పక్క కంపెనీ కెప్టెన్లను లాక్కునే పనిలో ఉంటాయి.

మా దగ్గర ఇంత తంటా లేదు. హెవీ లైసెన్సు ఉన్నవానికి ఈ రోజు పల్లెవెలుగు ఇచ్చినా, రేపు సూపర్ లగ్జరీ ఇచ్చినా బండి కదులుతుంది. విమానాల్లో ఒక్కో రకానికి ఒక్కో శిక్షణ. టైప్ రేటింగ్ అంటారు. ఏటీఆర్ నడిపేవాడు ఎయిర్‌బస్ ఎక్కాలంటే మళ్లీ సిమ్యులేటర్లో, అంటే నేల మీదే విమానం నడపడం నేర్పే యంత్రంలో, కూర్చోవాల్సిందే. మన కడపకు వచ్చేది ఏటీఆర్. రెక్కలకు ఫ్యాన్లు తిరుగుతుంటాయి చూడండి, డెబ్బై చిల్లర సీట్ల విమానం, అది. అందులో కొన్ని వందల గంటలు పోగేసుకుని పెద్ద విమానానికి మారిపోదామనేది చాలామంది కుర్రవాళ్ల లెక్క. తప్పు పట్టలేం. చదువుకు చేసిన అప్పులు వాళ్లవే కదా.

కంపెనీ మారడం కూడా సులభం కాదు. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2017లో పెట్టిన నిబంధన ప్రకారం కెప్టెన్ ఏడాది ముందు, కో-పైలట్ ఆరు నెలల ముందు నోటీసు ఇవ్వాల. 2023లో ఆకాసా ఎయిర్ నుంచి 43 మంది ఆ గడువు నిండకుండానే వెళ్లిపోతే, సర్వీసులు రద్దయినాయి, కంపెనీ కోర్టుకెక్కింది. "సాఫ్ట్‌వేర్ వాడు మూడు నెలల్లో పోతాడు, నన్నెందుకు ఏడాది కట్టేస్తారు?" అంటాడు మావాడు. ఈ ఒక్క విషయంలో నేను వాడి పక్షం కాదు. తెల్లారి బస్సుకు డ్రైవరు రాకపోతే బస్టాండులో జనం ఎవర్ని తిడతారో నాకు తెలుసు.

ఇక విలీనాలు. 2020 జనవరి 1న మా ఆర్టీసీ ఉద్యోగులమంతా ప్రజా రవాణా శాఖ కింద ప్రభుత్వంలో కలిసినాము. దానికి కొంచెం ముందే రిటైర్మెంట్ 58 నుంచి 60 అయింది, నాకు రెండేళ్లు కలిసొచ్చినాయి, అబద్ధం ఎందుకు చెప్పాల. కానీ ఆ రోజుల్లో డిపోలో టీ తాగేచోట ఒకటే మాట. జీతం ఎంతవుతుంది, పింఛను ఏమవుతుంది, ఎవరి సర్వీసు ఎట్ల లెక్కగడతారు? బస్సు మీద పేరు ఏం రాస్తారో ఒక్కడూ అడగలేదు.

పైలట్లదీ అదే. 2007లో ఎయిరిండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఒకటైనాయి. రెండూ సర్కారువే, అయినా పొత్తు కుదరలేదు. 2011లో పాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు సమాన జీతం కోసం సమ్మె చేసినారు. మరుసటేడు ఎయిరిండియా పైలట్లు 58 రోజులు విధులకు పోలేదు. కొత్తగా వచ్చే డ్రీమ్‌లైనర్ అనే పెద్ద విమానం శిక్షణ అవతలివాళ్లకూ ఇస్తే మా ప్రమోషన్లు వెనకబడతాయని వాళ్ల బాధ. అమెరికాలో ఇంకా విచిత్రం. 2005లో యూఎస్ ఎయిర్‌వేస్, అమెరికా వెస్ట్ కలిసినాయి. సీనియారిటీ జాబితా ఎట్ల కలపాలో 2007లో మధ్యవర్తి తీర్పు చెప్తే, ఒక పక్షం ఒప్పుకోలేదు. 2013లో ఆ కంపెనీ అమెరికన్ ఎయిర్‌లైన్స్‌తో కలిసేనాటికి కూడా ఆ రెండు జాబితాలు రెండుగానే ఉన్నాయి.

ఎందుకంత పట్టుదల అంటే, అక్కడ ఆ వరుస నంబరు మీదే బతుకంతా. ఏ ఊరు బేస్, ఏ విమానం, దీపావళికి ఇంట్లో ఉంటావా లేదా, ఎడమ సీటు ఎప్పుడు, అన్నీ దాన్ని బట్టే. మన దేశంలో 2024 నవంబర్‌లో విస్తారా ఎయిరిండియాలో కలిసిపోయింది కదా. ఆ ఏప్రిల్‌లోనే విస్తారా సర్వీసులు బోలెడు ఆగిపోయినాయి. అంతకుముందు నెలకు 70 గంటలకు ఖాయంగా జీతం ఉండేది, కొత్త ఒప్పందంలో 40 గంటలకే అన్నారని పైలట్లకు కోపం. మనకేమో టికెట్ మీద పేరు మారిందంతే.

ఇప్పుడు మన దారికొస్తాను. కడపలో ఎయిర్‌పోర్టును బాగుచేసి 2015 జూన్‌లో తెరిచినప్పుడు ఎయిర్ పెగాసస్ బెంగళూరుకు నడిపింది. మరుసటేడే ఆ కంపెనీ మూతపడింది. 2017 ఏప్రిల్ 27న చిన్న ఊళ్లకు తక్కువ ధరకు విమానాలు నడిపే కేంద్ర పథకం ఉడాన్ కింద సర్వీసులు మొదలైన రోజు, ప్రధాని జెండా ఊపిన తొలి విమానాల్లో కడప-హైదరాబాద్ ఒకటి. ట్రూజెట్ వాళ్లది. గంట ప్రయాణానికి సగం సీట్లు 2,500 రూపాయలకు, నష్టం పూడ్చడానికి మూడేళ్లు ప్రభుత్వ సొమ్ము. 2022 ఫిబ్రవరిలో ట్రూజెట్ ఆగింది, మార్చి చివర్లో ఇండిగో వచ్చింది. ఓర్వకల్లులో కట్టిన కర్నూలు ఎయిర్‌పోర్టు 2021 మార్చిలో తెరిచినారు. అక్కడా అంతే, సర్వీసులు వచ్చినాయి, పోయినాయి, మళ్లీ వచ్చినాయి.

రూటు వేసేవాళ్లు సీట్లు నిండే లెక్క చూస్తారు. మేం ఓఆర్ అంటాం. పైలట్ చూసేది వేరే. మే నెల మధ్యాహ్నం మన ఎండలో గాలి పలచబడుతుంది, రెక్కకు పట్టు తగ్గుతుంది, ఇంజిన్‌కు బలం తగ్గుతుంది. మన రన్‌వే 2 వేల మీటర్లు. వేడి మరీ ఎక్కువైతే బరువు తగ్గించుకుని లేవాల్సి వస్తుంది, అంటే కొన్ని సీట్లో, పెట్టెలో వదులుకోవాల. "అదే పొద్దున ఏడింటికైతే ఏ తంటా ఉండదు మామా. కానీ పొద్దున ఏడింటికి విమానం హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో పెద్ద రూటుకు కావాల" అన్నాడు మావాడు.

నాకు బాగా తగిలిన మాట మాత్రం మొన్న డిసెంబరు గొడవ గురించి. పైలట్ల అలసట తగ్గించను డీజీసీఏ కొత్త నిబంధనలు 2024 జనవరిలోనే ప్రకటించింది. వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48కి, రాత్రి ల్యాండింగులు ఆరు నుంచి రెండుకి. పూర్తిగా అమలైంది 2025 నవంబర్ 1న. నెల తిరగ్గానే ఇండిగోవి వేల సర్వీసులు రద్దయి, ఎయిర్‌పోర్టుల్లో పెట్టెల గుట్టలు మీరు టీవీలో చూసే ఉంటారు. అంత గడువు ఇచ్చినా మనుషుల్ని తీసుకోలేదని పైలట్ల సంఘాలు అన్నాయి. నాకు ఆశ్చర్యమేం కలగలేదు. స్పేర్ డ్రైవర్లు లేని డిపో అట్లాగే ఉంటుంది. ఇద్దరు జ్వరం పడితే చార్టంతా చిరిగిపోతుంది. పై ఆఫీసువాళ్లకేమో స్పేర్‌లో కూర్చున్నవాడు ఊరికే జీతం తింటున్నట్టు కనబడతాడు.

అప్పుడు నేనేం చేసేవాణ్ణో ఒప్పుకుంటాను. హైదరాబాద్ సర్వీసు ఎప్పుడూ ఆపేవాణ్ణి కాదు. చక్రాయపేట పల్లెవెలుగు ఆపేవాణ్ణి. ఆ ముప్పై మంది గొడవ చేయరు, ఆటో ఎక్కి పోతారు. మావాడు నవ్వి, "మా కంపెనీ వాళ్లకు కడప అంటే చక్రాయపేటే మామా" అన్నాడు.

పండగ అయిపోయినాక వాడు హైదరాబాద్‌లో డ్యూటీ ఎక్కాల. ఆ రోజు కడప నుంచి విమానం లేదు. రాత్రి బస్టాండుకు తీసుకుపోయి సూపర్ లగ్జరీ ఎక్కించినాను. డ్రైవరు నా పాత మనిషే. మేనల్లుడు, పైలట్ అని చెప్తే, స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని వాణ్ణి కింది నుంచి పైదాకా చూసినాడు. డ్యూటీ గంటలెన్ని, విశ్రాంతి ఎంత అని అడిగినాడు. మావాడు 48 గంటల సంగతి, రాత్రిపూట రెండు ల్యాండింగుల సంగతి చెప్పినాడు.

"రాత్రికి రెండేనా సార్?" అన్నాడు డ్రైవరు. "హైదరాబాద్ చేరేలోపల నాకు ఆళ్లగడ్డ, నంద్యాల, కర్నూలు, జడ్చర్ల ఉన్నాయి. ఎక్కండి, వెనక సీట్లో నిద్రపోండి."