పిట్టగోడ లేని ఇల్లు

అయ్యగారికి, సంఘ పెద్దలకి, స్త్రీల సమాజం అమ్మలకి, గుంటూరు చుట్టుపక్కల పల్లెల నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన అన్నలకి, అక్కలకి వందనాలు. శాలువాలు, పరిచయాలు అయిపోయాయి కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

నాకిచ్చిన అంశం మనిషి ప్రాణం పవిత్రత. ఈ మాట వినగానే మీకు ఆదికాండం మొదటి అధ్యాయం గుర్తొస్తుంది. దేవుడు తన స్వరూపంలో నరుణ్ణి చేశాడు. తల్లి గర్భంలో మనల్ని నిర్మించిన చేతుల గురించి 139వ కీర్తన మీలో సగం మందికి కంఠతా వచ్చు. వాటిని నమ్మనివాళ్ళు ఈ హాల్లో ఎవరూ లేరు. అందుకే నేను ఎవరూ పెద్దగా వాక్యం చెప్పని చోట మొదలుపెడతాను. ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయం, 8వ వచనం.

కొత్త ఇల్లు కట్టుకున్నప్పుడు డాబా చుట్టూ పిట్టగోడ కట్టాలి. కట్టకపోతే, పైనుంచి ఎవరైనా పడితే ఆ హత్యదోషం ఇంటి మీదికి వస్తుంది. ఆ దేశంలో ఇళ్ళకి చదును కప్పులు. చల్లబడ్డాక జనం పైనే కూర్చునేవాళ్ళు. పడినవాడు ఎందుకు పడ్డాడని వచనం అడగలేదు. తాగి ఉన్నాడా, చీకట్లో కాలుజారిందా, మనసు బాగాలేక అంచు దాకా వెళ్ళాడా, ఏదీ అడగలేదు. గోడ ఉందా అని ఇంటాయన్నే అడిగింది. 'నరహత్య చేయకూడదు' అనే ఆజ్ఞ, మన లూథరన్ లెక్కలో అయిదోది, మిగతా చాలా సంఘాల లెక్కలో ఆరోది, ఇక్కడ తాపీమేస్త్రీ పనిగా మారింది. 1529 నాటి చిన్న ప్రశ్నోత్తరిలో లూథరు ఈ ఆజ్ఞకి ఇచ్చిన వివరణ కన్ఫర్మేషన్ క్లాసులో మీరంతా అప్పజెప్పారు. పొరుగువాడి ఒంటికి హాని చేయకపోతే సరిపోదు, అతని అవసరంలో ఆదుకోవాలి అని.

ఇప్పుడు మీ ఇంటికి వెళ్దాం. వంటగది పైన అటక. ఆవకాయ జాడీ పక్కన, పాత ట్రంకుపెట్టె వెనక, లీటరు పురుగుమందు డబ్బా. మూత చుట్టూ కారి ఎండిన చార. లేబుల్ సగం చిరిగింది, కానీ ఎర్ర త్రికోణం, పుర్రె గుర్తు కనబడుతూనే ఉంటాయి. ఎరుపు అతి ప్రమాదం, పసుపు దాని తర్వాత, నీలం ఇంకా కింద, ఆకుపచ్చ అన్నిటికన్నా తక్కువ. ఆకుపచ్చ అయినా మంచినీళ్ళు కాదు.

ఆ డబ్బా అక్కడికి ఎలా వచ్చింది? లెక్క చూడండి. లీటరు నీళ్ళకి రెండు మిల్లీలీటర్లు, ఎకరానికి 200 లీటర్ల నీళ్ళు. అంటే ఎకరానికి కావాల్సింది 400 మిల్లీలీటర్లు. కొట్టువాడు లీటరు డబ్బా చేతిలో పెడతాడు, రేటు కలిసొస్తుందంటాడు. మిగిలిన 600 అటకెక్కుతుంది. 2021-22లో నల్ల తామర పురుగు మిరప పూతంతా నాకేసిన ఏడాది తెలుసుగా, దొరికిన మందల్లా తెచ్చి కొట్టారు. పంట పోయింది, సీసాలు మిగిలాయి. అప్పు ఇంట్లోనే ఉంది, మందూ ఇంట్లోనే ఉంది. ఇలాంటి ఇంటికే పిట్టగోడ లేదని నేనంటున్నది.

దేశంలో 2022లో నమోదైన ఆత్మహత్యలు 1,70,924. అందులో దాదాపు నాలుగో వంతు విషం వల్ల. వీళ్ళంతా నెలల తరబడి ఆలోచించి నిర్ణయించుకున్నవాళ్ళని మనం అనుకుంటాం. చాలామంది విషయంలో అది నిజం కాదు. గొడవ జరిగిన కొద్ది నిమిషాల్లోనే చెయ్యి సీసా మీదికి పోతుంది. ఆ నిమిషాలు గడిస్తే మనిషి నిలబడతాడు. ప్రయత్నం చేసి బతికినవాళ్ళలో అత్యధికులు ఆ తర్వాత ఆత్మహత్యతో చనిపోవడం లేదు. ఇది ఎన్నో దేశాల్లో చూసి తేల్చిన సంగతి. చావాలనుకున్నవాణ్ణి ఎవరూ ఆపలేరని రచ్చబండ మీద అనే మాట అబద్ధం. దయచేసి ఆ మాట ఇక అనకండి.

శ్రీలంకనే చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదటి తరగతిలో పెట్టిన అతి ప్రమాదకరమైన మందుల్ని 1995లో ఆపేశారు. 1998లో ఎండోసల్ఫాన్ కూడా. పదేళ్ళు తిరిగేసరికి ఆత్మహత్యల రేటు సగానికి దిగింది. వరి దిగుబడి దెబ్బతినలేదు.

అయితే తాళం పెట్టె కొనుక్కుంటే చాలుగా అంటారు. అదీ శ్రీలంకలోనే చూశారు. అనూరాధపురం వైపు 180 పల్లెలు తీసుకుని, కొన్ని పల్లెల్లో ఇంటింటికీ తాళం పెట్టె ఇచ్చారు. 2017లో ఫలితం వచ్చింది. పెట్టెలిచ్చిన పల్లెలకీ ఇవ్వని పల్లెలకీ తేడా లేదు. నా లెక్కలో కారణం ఒక్కటే, తాళంచెవి ఆ ఇంటి మేకుకే వేలాడుతోంది. పిల్లల సంగతికి పెట్టె మంచిదే, పెట్టించండి. పెద్దల సంగతికి మందు ఇంట్లో ఉండకూడదు, అంతే.

తమిళనాడు పల్లెల్లో ఒక దారి చూశారు. ఊరుమ్మడి గది, లోపల బ్యాంకు లాకర్ల లాంటి అరలు, రైతు దగ్గర ఒక తాళంచెవి, గది చూసే మనిషి దగ్గర ఒకటి. మనం అడుగుతున్నది అదే. బడికి, బావికి దూరంగా ఒక గది. గాలి ఆడే కిటికీ, వాన నీళ్ళు రాని ఎత్తు అరుగు, గట్టి తలుపు, ఒక రిజిస్టరు. తెచ్చిన రోజు, పేరు, ఎంత, తీసుకెళ్ళిన రోజు. సాయంత్రం ఆరు తర్వాత గది తెరవకూడదు. నలుగురు రైతులు కలిసి కొనుక్కుంటే మిగిలేదీ తక్కువ. ఖాళీ డబ్బాని మూడుసార్లు కడిగి, ఆ నీళ్ళు ట్యాంకులోనే పోసి, డబ్బాకి బొక్క కొట్టాలి. కాలవలో విసరొద్దు. అన్నిటికన్నా ముఖ్యం, మిగిలిన మందు కూల్‌డ్రింక్ సీసాలో పోయొద్దు. అది చూసిన పిల్లవాడికి కూల్‌డ్రింకే.

సరే, అప్పటికే తాగేశాడు. ఏం చేయాలి? ఇది రాసుకోండి, లేదా పక్కవాళ్ళని రాయమనండి.

ముందు 108. ఊపిరి ఆడుతోందా చూడండి. ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో నురగ, వాంతి బయటికి పోయేలా. బట్టల మీద పడ్డ మందు చర్మం గుండా ఎక్కుతూనే ఉంటుంది, కాబట్టి బట్టలు విప్పి, ఒంటిని సబ్బుతో కడగండి. మీ చేతులకి ప్లాస్టిక్ కవర్లు తొడుక్కోండి. ఉప్పునీళ్ళు, సబ్బునీళ్ళు, పేడనీళ్ళు, చింతపండు పులుసు ఏదీ పట్టొద్దు. గొంతులో వేలు పెట్టి కక్కించొద్దు. ఎందుకంటే మగతలో ఉన్న మనిషికి వాంతి తెప్పిస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మందులో కలిపిన ద్రావకం ఊపిరితిత్తుల్ని కాల్చేస్తుంది. మందు కన్నా ముందు మన వైద్యమే చంపుతుంది. సీసాని కవర్లో వేసుకుని వెంట తీసుకెళ్ళండి, చిరిగిన లేబుల్ అయినా సరే. డాక్టరుకి ఆ పేరే సగం వైద్యం.

ఆస్పత్రిలో చొంగ, చెమట, కుంచించుకుపోయిన కనుపాపలు, ఛాతీలో గురగుర చూసి అట్రోపిన్ అనే విరుగుడు మొదలుపెడతారు. రెండో రోజుకి లేచి కూర్చుంటాడు. ఇంటివాళ్ళు 'బాగయ్యాడు, తీసుకుపోతాం' అంటారు. అక్కడే పొరపాటు. ఒకటో రోజు నుంచి నాలుగో రోజు లోపల మెడ కండరాలు, ఊపిరి కండరాలు పట్టు తప్పొచ్చు. దిండు మీద నుంచి తల ఎత్తలేకపోవడం మొదటి గుర్తు. గడ్డి మందు తాగినవాళ్ళు కూడా మొదటి రోజు చక్కగా మాట్లాడతారు. చూసి మోసపోకండి. డాక్టరు పంపే దాకా కదలొద్దు.

ఇంకో భయం, కేసు. కేసవుతుందని ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గరే రెండు గంటలు పోగొడతారు. పోలీసు కాగితాల కోసం ఆగకుండా వైద్యం చేయాల్సిందేనని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ ప్రకారం అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే లెక్క, శిక్షించడానికి లేదు. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత 309 సెక్షన్ 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త న్యాయ సంహితలో లేదు. ఆస్పత్రి పోలీసులకి సమాచారం ఇస్తుంది, అది ఆస్పత్రి పద్ధతి. దానికి భయపడి మనిషిని పోగొట్టుకోవద్దు.

1883లో ఈ ఊరికి వచ్చిన డాక్టర్ అన్నా శారా కుగ్లర్ ఆడవాళ్ళకి వైద్యం చేస్తూ ఇక్కడ ఆస్పత్రి కట్టించింది. గుంటూరులో సువార్త, మందుసీసా ఒకే చేతిలో వచ్చాయి. అందుకే ఈ పని మందిరం పని కాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

విద్యార్థుల గురించి కూడా చెప్పమన్నారు. ఒక్క మాటే చెబుతాను. ఇంటర్ ఫలితాల రోజు సాయంత్రం మీ పిల్లల్ని ఒంటరిగా ఉంచకండి. మార్కుల సంగతి వారం తర్వాత మాట్లాడుకోవచ్చు.

ఇక నేను అసలు చెప్పాలనుకున్న దగ్గరికి వచ్చాను. టైం చూస్తున్నారు, నాకు తెలుసు. పది నిమిషాలు ఓపిక పట్టండి.

ప్రాణం పవిత్రమని చెప్పే మనం, ప్రాణం తీసుకున్నవాడి భూస్థాపనకి మందిరం గంట కొట్టం. చాలా ఊళ్ళలో జరుగుతున్న సంగతి ఇది. సమాధుల తోటలో మూల, కంచె పక్కన, తుమ్మచెట్టు కింద చోటిస్తారు. అయ్యగారు గేటు దగ్గరే ప్రార్థన ముగిస్తారు. ఆదరణ కూడిక ఉండదు. అందుకే ఇంటివాళ్ళు గుండెపోటని, పాము కరిచిందని అబద్ధం చెబుతారు. తల్లి చేత అబద్ధం ఆడించి మనం పవిత్రత కాపాడుతున్నామా? చెప్పండి, ఎవరినీ తప్పుపట్టడానికి అడగడం లేదు.

ఈ అలవాటుకి మూలం బైబిలు కాదు. 6వ శతాబ్దంలో బ్రాగా పట్టణంలో కూడిన సభ ఇలాంటివారికి కర్మకాండ వద్దంది. కతోలిక సంఘం చాలాకాలం అదే పాటించింది. 1983 నాటి వాళ్ళ చట్టంలో ఆ నిషేధం తీసేశారు. ప్రాణం తీసుకున్నవాళ్ళ రక్షణ గురించి నిరాశపడవద్దని, వాళ్ళ కోసం సంఘం ప్రార్థిస్తుందని 1992 నాటి వాళ్ళ ఉపదేశ గ్రంథం చెబుతుంది. మన లూథరు సంగతి వినండి. ఇలాంటివాళ్ళు తప్పక నశిస్తారని నేననను అన్నాడు. అడవిలో దొంగ చేతిలో చచ్చిన బాటసారితో పోల్చాడు. దొంగ చేతిలో చచ్చినవాడికి గంట కొట్టం అంటామా? ఆత్మహత్య అనే మాటలోనే హత్య ఉంది. ఆ మాట వాడీ వాడీ, శవాన్ని ముద్దాయిగా చూడటం మనకి అలవాటైపోయింది.

అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం తీయండి. ఫిలిప్పీ చెరసాల. భూకంపం వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి. ఖైదీలు పారిపోయారనుకుని చెరసాల నాయకుడు కత్తి దూశాడు. పరువు పోయింది, ఉద్యోగం పోయింది, తెల్లారితే శిక్ష. మన కౌలు రైతు పరిస్థితి ఇంతకన్నా వేరేం కాదు. చీకటి. పౌలు కాళ్ళు అప్పటి దాకా బొండలో ఉన్నాయి, వీపు మీద దెబ్బలు. ఆ పౌలు బిగ్గరగా కేక వేశాడు: "నీవు ఏ హానియు చేసికొనవద్దు, మేమందరము ఇక్కడనే యున్నాము." పాపం, నరకం అని ఉపదేశం చేయలేదు. మేం ఇక్కడే ఉన్నాం అన్నాడు. అంతే, కత్తి ఆగింది. ఆ రాత్రే అతని ఇంట్లో భోజనం పెట్టారు, ఇంటిల్లిపాదీ బాప్తిస్మం పొందారు. బదరీ చెట్టు కింద చావు అడిగిన ఏలీయాకి కూడా దేవుడు ముందు పంపింది రొట్టె, నీళ్ళు. తిన్నాడు, పడుకున్నాడు. మళ్ళీ రొట్టె. మాటలు ఆ తర్వాత.

మనమేం చేస్తున్నాం? బతికి బయటపడ్డవాణ్ణి ఆదివారం ముందుకి పిలిచి సాక్ష్యం చెప్పమంటున్నాం, క్షమాపణ అడగమంటున్నాం. ఆ పని ఆపేద్దాం. ఆస్పత్రి నుంచి వచ్చిన మొదటి వారాలే అన్నిటికన్నా ప్రమాదం. చెన్నైతో సహా అయిదు దేశాల్లో అయిదు చోట్ల ఒక పద్ధతి నడిపి చూశారు. 18 నెలల్లో తొమ్మిదిసార్లు పలకరింపు. ఒకటో వారం, రెండో వారం, నాలుగు, ఏడు, పదకొండు వారాలు, తర్వాత నాలుగో నెల, ఆరో నెల, పన్నెండు, పద్దెనిమిది. మరణాలు తగ్గాయి. తొమ్మిది పలకరింపులు! క్రిస్మస్ పాటల కోసం మనం ఒక్క రాత్రిలో అంతకన్నా ఎక్కువ ఇళ్ళు తిరుగుతాం.

వెళ్ళినప్పుడు ఏం మాట్లాడాలంటారా? సూటిగా అడగండి. "చనిపోవాలనిపిస్తోందా, తమ్ముడూ?" అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడకండి, పుట్టదు. అవునంటే ఆ రాత్రి ఎవరు తోడుంటారో అక్కడే తేల్చండి. ఇంట్లో మందుంటే పట్టుకొచ్చేయండి. 14416కి ఫోన్ చేసి చేతికివ్వండి, టెలీ మానస్, రోజంతా తెలుగులో పలుకుతారు, డబ్బులు పడవు.

బయట గుమ్మం దగ్గర బల్ల మీద రెండు పుస్తకాలున్నాయి. ఒకటి పలకరింపులకి వెళ్ళేవాళ్ళది, ఇద్దరిద్దరుగా పేర్లు రాయండి. రెండోది గది కోసం, ఏ ఊళ్ళో చోటుందో రాయండి. గంట సంగతి వచ్చే కమిటీలో తీర్మానంగా పెట్టమని పెద్దల్ని చేతులు జోడించి అడుగుతున్నాను. శనివారం ఉదయం ఆరున్నరకి సమాధుల తోట మూలన, కంచె పక్కనున్న సమాధుల దగ్గర ముళ్ళకంప కొట్టి శుభ్రం చేస్తున్నాం. కత్తి, పార ఉన్నవాళ్ళు తెచ్చుకోండి. ఆ ఇళ్ళవాళ్ళని కూడా వెంటబెట్టుకు రండి.