మీ స్థలం చూడని సలహా

అందరికీ నమస్కారమండి. ఈ కాలనీలో చాలామంది త్వరలో ఇల్లు మొదలుపెట్టబోతున్నారని విన్నాను, కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను. ఫోన్లో వీడియోలు చూసి ఇల్లు కట్టుకోవడం గురించి మాట్లాడదామని వచ్చాను. చూడొద్దని చెప్పడానికి కాదు. సెంట్రింగ్ ఎన్ని రోజులు ఉంచాలి, శ్లాబ్ మీద నీళ్ళు ఎందుకు కట్టాలి, ఇవన్నీ ఇప్పుడు అందరికీ తెలుస్తున్నాయి, మంచిదే. నా బాధల్లా ఒకటే, ఆ చెప్పేవాళ్ళు ఏ ఊళ్ళో, ఏ నేల మీద కట్టే ఇంటి గురించి చెబుతున్నారో మనం చూసుకోవడం లేదు.

కాంక్రీటు సంగతే చూడండి. ఒక వంతు సిమెంటు, ఒకటిన్నర ఇసుక, మూడు కంకర కలిపితే ఎం20 అనే గ్రేడు కాంక్రీటు వస్తుంది (అంకె పెరిగేకొద్దీ బలం ఎక్కువ), ఇంటికి అది చాలు అంటారు. సముద్రానికి చాలా దూరంలో ఉన్న ఊళ్ళో మామూలు ఇంటికి సరిపోవచ్చు. మనం ఉన్నది విశాఖలో. కాంక్రీటు పనికి మన దేశంలో పాటించే ఐఎస్ 456 ప్రమాణం ప్రకారం సముద్రతీర వాతావరణం నేరుగా తగిలే కాంక్రీటు కనీసం ఎం30 ఉండాలి, లోపలి ఇనుము మీద 45 మిల్లీమీటర్ల కవర్, అంటే ఇనుముని కప్పి ఉంచే కాంక్రీటు మందం, ఉండాలి. ఉప్పుగాలి నేరుగా తగలకుండా మరుగున ఉన్న భాగాలకైతే ఎం25, 30 మిల్లీమీటర్లు. పైగా అలా వంతులు లెక్కేసి కలిపే పద్ధతిని ఆ ప్రమాణం ఎం20 వరకే ఒప్పుకుంటుంది, ఆ పైన ల్యాబ్‌లో మిక్స్ డిజైన్, అంటే ఏది ఎంత కలపాలో పరీక్షించి తేల్చడం, చేయించాల్సిందే. అంటే బీచ్ దగ్గర్లో స్థలం ఉన్నవాళ్ళకి ఆ వీడియోలో కొలత ఎంత బాగా చెప్పినా పనికిరాదు.

ఎందుకింత పట్టుదల అంటే, గాలిలోని ఉప్పు కాంక్రీటు సన్నని రంధ్రాల్లోంచి మెల్లగా లోపలికి దిగి ఇనుముని చేరుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి పైనున్న కాంక్రీటుని పగలగొడుతుంది. బాల్కనీల కింద పెచ్చులు ఊడి ఊచలు బయటపడ్డ పాత బిల్డింగులు తీరం పక్కన మీరందరూ చూసే ఉంటారు. బోరు నీళ్ళు ఉప్పగా ఉన్న చోట ఆ నీళ్ళతోనే కాంక్రీటు కలిపితే ఉప్పుని మన చేత్తో మనమే లోపల పెట్టినట్టు. ఇనుము వేసే కాంక్రీటుకి వాడే నీళ్ళలో క్లోరైడ్ లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదు, ముందే నీళ్ళ పరీక్ష చేయించండి.

ఇది విని ఇంటికెళ్ళి మేస్త్రీతో, ఇనుము కింద ఎత్తు కోసం పెట్టే కవర్ బ్లాకులు పెద్దవి పెట్టేయండి అని మాత్రం చెప్పకండి, దయచేసి. శ్లాబ్ మందం అంతే ఉంచి కవర్ పెంచితే ఇనుము పైకి జరుగుతుంది, శ్లాబ్ మోయగలిగే బరువు తగ్గిపోతుంది. మందం, ఇనుము మళ్ళీ లెక్క కట్టాలి. ఇప్పుడు నేను చెబుతున్నది కూడా మీ డ్రాయింగు చూడకుండా చెబుతున్న మాటే కదా, దాన్నీ అలాగే తీసుకోండి.

ఇక నేల. అయిదు అడుగులు తవ్వితే గట్టి నేల తగులుతుంది అన్న మాట ఎవరి స్థలం గురించి? ఇక్కడ తీరం వెంట ఇసుక, కొండల పక్కన ఎర్రమట్టి, దాని కింద రాయి, పల్లపు చోట్ల బంకమట్టి. కొండ వాలులో వేసిన లేఅవుట్లయితే మరీ జాగ్రత్త, అక్కడ సగం ప్లాటు కొండ తొలిచింది, సగం ఆ మట్టితో పూడ్చింది అయి ఉండొచ్చు. ఒకవైపు పునాది రాయి మీద, రెండోవైపు పూడ్చిన మట్టి మీద కూర్చుంటే పూడ్చిన వైపు ఎక్కువ దిగి గోడలు ఏటవాలుగా చీలుతాయి. పక్క ప్లాటు వాళ్ళ సాయిల్ టెస్ట్ కాగితం తెచ్చుకున్నా లాభం లేదు.

గాలి గురించి కూడా. మన దేశంలో డిజైన్‌కి తీసుకునే ప్రాథమిక గాలి వేగం బెంగళూరుకి సెకనుకి 33 మీటర్లు, హైదరాబాద్‌కి 44, విశాఖకి 50. గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని (స్క్వేర్‌ని) బట్టి పెరుగుతుంది కాబట్టి ఈ లెక్కన బెంగళూరు కంటే మన దగ్గర రెండు రెట్లు దాటుతుంది. మేడ మీద ఇనుప గొట్టాలతో రేకుల షెడ్డు ఎంత తక్కువలో వేశారో అక్కడివాళ్ళు చూపిస్తే, అదే గొట్టం, అవే బోల్టులు ఇక్కడ పెడతామా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను చూసినవాళ్ళకి నేను వేరే చెప్పాలా?

ఇంకొకటి, ఫొటో పంపి గోడలో బీట ప్రమాదమా కాదా అని అడగడం. అది ప్లాస్టర్‌లోనే ఉందా, ఇటుకల్లోకి పోయిందా, పోయిన వర్షాకాలం కంటే పెరిగిందా, ఇవి ఫొటోలో కనిపించవు. భయపడకండి అని రాసినా, కూల్చేయండి అని రాసినా రెండూ ఊహే.

మరి వీడియోలు ఎందుకు చూడాలి? అడగాల్సినవి తెలుసుకోవడానికి. ఇంజనీరు దగ్గరికి వెళ్ళినప్పుడు, మా స్థలానికి ఏ గ్రేడు కాంక్రీటు తీసుకున్నారు, కవర్ ఎంత, నేల ఎంత బరువు మోస్తుందని రిపోర్టులో ఉంది, గాలికి లెక్క చూశారా అని అడగండి. స్థలానికి రాకుండానే డ్రాయింగు ఇస్తానన్నవాళ్ళకి పని ఇవ్వకండి. శ్లాబ్ రోజు అదే కాంక్రీటుతో పరీక్ష కోసం క్యూబులు పోయించి 28 రోజులకి ల్యాబ్‌లో పరీక్ష చేయించండి.

ప్లాన్ కాగితాలు, సాయిల్ రిపోర్టులు తెచ్చినవాళ్ళు ఇక్కడ బల్ల దగ్గరికి రండి, ఒక్కొక్కటీ విడిగా చూద్దాం.