ఎరుపు ఎక్కడి నుంచి వస్తుంది

శ్రోతలందరికీ నమస్కారం.

ఈ రోజు మీతో ఒక రంగు గురించి మాట్లాడాలని వచ్చాను. రేడియోలో రంగు కనబడదు. అయినా నేను ఎరుపు అనగానే మీలో ఒక్కొక్కరికి ఒక్కో ఎరుపు కళ్ల ముందు కదిలి ఉంటుంది. ఒకరికి కుంకుమ భరిణె, ఒకరికి మిరపకాయలు ఆరబోసిన కల్లం, ఇంకొకరికి పెళ్లినాటి చీర. ఆ ఎరుపును కాసేపు అలాగే ఉంచుకోండి. నాకు దానితోనే పని.

ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ బడుల్లో డ్రాయింగ్ టీచరుగా పనిచేశాను. అన్నేళ్లలో పిల్లలు నన్ను ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న ఒకటుంది. "సార్, ఏం గీయాల్నో ఎట్ల తెలుస్తది?" నా దగ్గర మంచి జవాబు ఉండేది కాదు. అందుకని సెలవుల్లో బొమ్మలు వేసేవాళ్ల దగ్గరికి వెళ్లి కూర్చునేవాణ్ణి. పేరున్న చిత్రకారులు తమ గురించి చెప్పుకున్న మాటలు వెతికి చదివేవాణ్ణి. ఎవరి దగ్గరికి వెళ్లినా మాటలు చివరికి ఎరుపు దగ్గరికే వచ్చేవి. మన తెలుగు బొమ్మల్లో అది అంతగా కలిసిపోయింది.

శ్రీకాళహస్తితో మొదలుపెడతాను. అక్కడ కలంకారీ వేసేవాళ్ల చేతిలో ఉండే కలం ఒక వెదురుపుల్ల. దాని కొనను సన్నగా చెక్కి, కాస్త పైన ఉన్నిగానీ గుడ్డగానీ ఉండలా చుట్టి దారంతో బిగిస్తారు. రంగులో ముంచితే ఆ ఉండ తాగుతుంది. వేళ్లతో ఎంత నొక్కితే అంత రంగు మొనకు దిగుతుంది. గీత సన్నమవడం, లావవడం అంతా ఆ నొక్కుడులోనే ఉంది. నేనూ ప్రయత్నించాను. మొదటి రోజు నాకు చుక్కలూ మరకలూ తప్ప గీత రాలేదు.

ఇక గుడ్డ. కోరా నూలుగుడ్డను కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో తడిపి, పిండి, ఎండలో ఆరబెడతారు. పాలలోని వెన్న వల్ల రంగు పక్కకు పాకదు. ఆ గుడ్డ ఆరుతున్నప్పుడు వచ్చే పాల వాసన, కరక్కాయ వగరు వాసన కలిసి ముక్కుకు తగిలితే చాలు, ఇప్పటికీ నాకు ఆ ముంగిళ్లు గుర్తొస్తాయి. ముందు కాల్చిన చింతపుల్లల బొగ్గుతో బొమ్మను పైపైన గీసుకుంటారు. తర్వాత నల్లగీత. తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రెండు మూడు వారాలు పులియబెట్టిన కసిం అనే ద్రావణంతో ఆ గీత గీస్తారు. దానిలోని ఇనుము గుడ్డలోని కరక్కాయతో కలిసి నలుపెక్కుతుంది. తప్పు గీస్తే చెరపడానికి లేదు.

ఎరుపు సంగతి దీనికంటే వింత. ఎరుపు కావాల్సిన చోటల్లా వాళ్లు పూసేది ఎర్రరంగు కాదు, పటిక నీళ్లు. దానికి దాదాపు రంగే ఉండదు. రాముడి పెదవులు, సీతమ్మ చీర, రథం పైన జెండా, వీటన్నిటినీ కళ్లకు సరిగా ఆనని ద్రావణంతో నింపుకుంటూ పోతారు. ఆరాక పారే నీళ్లలో జాడిస్తారు. ఆ తర్వాత చిరివేరు, మంజిష్ఠ లాంటి ఎర్రరంగునిచ్చే వేర్లు వేసి మరిగించిన నీళ్లలో గుడ్డను ఉడికిస్తారు. అప్పుడు, పటిక తగిలిన చోటల్లా ఎరుపు లేస్తుంది.

నేను మొదటిసారి అది చూసింది ఒక పెద్దాయన ఇంటి వెనక, కట్టెల పొయ్యి పక్కన. కాగులో గుడ్డను కర్రతో తిప్పుతూ ఉన్నాడాయన. అప్పటిదాకా పాలిపోయినట్టు ఉన్న రథం మెల్లగా ఎర్రబారడం మొదలైంది. నేను గట్టిగా ఏదో అన్నాను. ఆయన మాత్రం తిప్పడం ఆపలేదు. నాలుగు రోజుల కిందట పటిక పూసేటప్పుడే ఆయన ఆ ఎరుపును చూసేశాడు కదా, ఇప్పుడు ఆశ్చర్యపోవడానికి ఆయనకేం మిగల్లేదు. నాకు ఆ సాయంత్రమంతా అదే ఆలోచన. మనం ఊహ, ప్రేరణ అని పెద్ద పేర్లతో పిలిచేది ఇదే అయ్యుండాలి. ఇంకా రాని రంగును ఉన్నట్టే చూస్తూ, నాలుగు రోజులు చేతులతో పనిచేయగలగడం.

ఆయన నాకు ఇంకో సంగతి చెప్పాడు. నీళ్లు మారితే ఎరుపు మారుతుందట. ఒక బావి నీళ్లకు ముదురుగా వస్తే ఇంకో బావి నీళ్లకు చప్పగా వస్తుంది. అందుకే స్వర్ణముఖి పారే నీళ్లంటే అక్కడివాళ్లకు అంత మమకారం. ఆ నది ఒడ్డున కాకపోతే ఈ ఎరుపు ఇలా ఉండేది కాదు. నదిలో నీళ్లు లేని నెలల్లో తొట్లలో జాడించుకోవాల్సి వస్తోందని చెప్పేటప్పుడు వాళ్ల గొంతులో ఉన్న దిగులు నేను మరచిపోలేను. మనకది నీటి ఎద్దడి. వాళ్లకు రంగు పోవడం.

ఈ విద్య ఒకప్పుడు పూర్తిగా మాయమయ్యే స్థితికి వచ్చింది. మన చేతిపనులను నిలబెట్టడానికి పాటుపడిన కమలాదేవి చట్టోపాధ్యాయ పూనుకోవడంతో 1957లో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం వచ్చింది. మిగిలిన కొద్దిమంది చేతుల నుంచి కొత్త చేతులకు పని అందింది. తరువాతి తరంలో ఈ పనితోనే జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఒక్క తరం ఆలస్యమై ఉంటే ఈ రోజు నేను మీకు ఈ కథ చెప్పేవాణ్ణి కాదు.

కలంకారీ బొమ్మల్లోని నల్లగీత, చీరల అంచులు, పక్కకు తిరిగిన ముఖాల్లో పెద్ద కళ్లు చూశాక లేపాక్షి వెళ్లి మెడ పైకెత్తి చూడండి. వీరభద్రస్వామి గుడి కప్పు మీద 16వ శతాబ్దపు విజయనగర చిత్రాల్లో అదే గీత, అలాంటి అంచులే కనబడతాయి. ఎర్రని నేల మీద నిలబడ్డ ఆ బొమ్మల్ని వేసినవాళ్ల పేర్లు మనకు తెలియవు. గుడి కట్టించిన విరూపణ్ణ తన కళ్లు తానే పీకి గోడకేసి కొట్టాడని, ఆ రక్తపు మరకలు ఇవేనని అక్కడ గోడ మీద రెండు ఎర్రటి మచ్చలు చూపిస్తారు. కథ నిజమో కాదో గానీ, అంత అందమైన ఎరుపు నిండిన గుడిలో జనం అన్నేళ్లుగా ఆ రెండు మచ్చల్నే ముందుగా వెతుక్కుంటారు. బొమ్మ కంటే కథే జనాన్ని దగ్గరికి పిలుస్తుంది.

ఈ మాట చేర్యాల పటాల దగ్గర, అంటే గుడ్డ మీద కథను బొమ్మలుగా వేసి చుట్టచుట్టే పటాల దగ్గర, ఇంకా బాగా అర్థమవుతుంది. మాది ఆ చుట్టుపక్కల ఊరే. నకాషీ చిత్రకారులు వేసే ఆ పటాలు మూడడుగుల వెడల్పుతో 40, 50 అడుగుల పొడవు కూడా ఉండేవి. పైనుంచి కిందికి గళ్లుగళ్లుగా కథ నడుస్తుంది. పటం వేసేది ఒకరు, దాన్ని ఊరూరా తిప్పి కథ చెప్పేది ఇంకొకరు. కూనపులివాళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెబుతారు. కాకిపడగలవాళ్లు ముదిరాజులకు పాండవుల కథ చెబుతారు. ఏ కథ వేయాలి, ఎవరి పక్కన ఎవరుండాలి అన్నది చిత్రకారుడు ఒక్కడే తేల్చుకునే విషయం కాదు. కథ చెప్పేవాళ్లు చెప్పిందాన్ని బట్టి వేయాలి. స్వేచ్ఛ లేని చోట కళ ఏముంటుందని నేను కుర్రతనంలో వాదించేవాణ్ణి. ఇప్పుడు ఆ మాట అనను. కథ, వరస ముందే తేలిపోయాక చిత్రకారుడి మనసంతా ఒక ఎద్దు మెడ తిప్పుడులోకి, ఒక కల్లుకుండ వంపులోకి పోతుంది. పురాణపురుషుల మధ్య మన ఊరి రోలు, మన ఊరి చెట్టు వచ్చి కూర్చుంటాయి. అవి వాళ్లు రోజూ చూసేవి, ఎవరూ అడక్కుండానే వేసినవి.

ఆ పటాల నేల ఎప్పుడూ ఎరుపే. చింతగింజల అంబలి, సుద్దమట్టి, జిగురు కలిపి గుడ్డకు పూతలు పూసి, ఆరాక దాని మీద ఎరుపు నింపుతారు. పాతకాలంలో ఇంగిలీకం అనే ఎర్రటి ఖనిజం వాడేవారు. ఎందుకు ఎరుపే అంటే, వాళ్ల పెద్దలు అలా వేశారనే జవాబే ఎక్కువగా వస్తుంది. నాకు తోచింది చెబుతాను. ఈ కథలు రాత్రిపూట, దీపాల వెలుగులో, జనం గుంపు మధ్య చెప్పేవి. వెనకవరసలో చంకన పిల్లను వేసుకుని నిలబడ్డ తల్లికి కూడా బొమ్మ ఆనాలి. ఎర్రటి నేల మీద పసుపు, తెలుపు, నీలం బొమ్మలు దూరానికి కూడా తేలి కనబడతాయి. ఆ ఎరుపును ఎంచుకున్నది చివరివరసలో నిలబడ్డ ఆ మనిషి అనే నేను నమ్ముతాను. పటం వాడివాడి చిరిగిపోతే పారేయరు. మనిషి పోతే చేసినట్టు కర్మ చేసి నీళ్లలో కలుపుతారు. సిద్దిపేటలో పుట్టిన కాపు రాజయ్య గారు ఈ నకాషీ పద్ధతిని దగ్గరగా చూసి, బోనాలనూ వడ్డెర మనుషులనూ తన బొమ్మల్లోకి తెచ్చారు.

ఇప్పుడు మీ అందరికీ తెలిసిన ఎరుపు దగ్గరికి వస్తాను. పెద్ద గుండ్రటి బొట్టు, నల్లని మేను, ముక్కుపుడక, ఎర్రచీర. తోట వైకుంఠం గారి బొమ్మ ఒక్కసారి చూస్తే ఇక ఎక్కడ కనబడ్డా పోల్చుకుంటాం. ఆయన 1942లో కరీంనగర్ ప్రాంతంలోని బూరుగుపల్లిలో పుట్టారు. హైదరాబాద్‌లో చదువుకుని, బరోడా వెళ్లి చిత్రకారుడు కె.జి.సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నారు. అంత దూరం వెళ్లి నేర్చుకున్నది పట్టుకుని మళ్లీ తన ఊరి ఆడవాళ్ల దగ్గరికే వచ్చారు. ఈ బొమ్మలకు మూలం ఏమిటంటే ఆయన రెండు సంగతులు చెబుతూ వచ్చారు. ఒకటి వాళ్ల అమ్మ. రెండోది, చిన్నప్పుడు ఊరికి వచ్చే నాటకాలవాళ్లలో ఆడవేషం కట్టిన మగవాళ్లు.

ఆ రెండో సంగతి నన్ను చాలాకాలం వదల్లేదు. మీరే ఊహించండి. పొద్దున ఎక్కడో బీడీ కాల్చుకుంటూ కూర్చున్న మనిషి రాత్రికి అద్దం ముందు కూర్చుని పెద్ద బొట్టు పెట్టుకుంటాడు, గాజులు వేసుకుంటాడు, కొప్పులో పూలు తురుముకుంటాడు. చూస్తుండగానే రాణి అయిపోతాడు. అది చూసిన పిల్లవాడికి బొట్టు అలంకారంగా మిగలదు, మనిషిని మార్చేసే వస్తువు అయిపోతుంది. ఆయన బొమ్మల్లో బొట్టు అంత పెద్దదిగా, అంత నిండుగా ఉండడానికి కారణం అక్కడుందని నాకనిపిస్తుంది. కలిపి పలచన చేసిన రంగులు ఆయనకు ఇష్టం లేదు. పసుపు పసుపుగా, కుంకుమ కుంకుమగా ఉండాలి. మా అమ్మ పెట్టె తెరిస్తే కనబడే చీరల రంగులు కూడా అలాగే ఉండేవి.

అందరికీ ఎరుపు కావాలని మాత్రం అనుకోకండి. మెదక్ ప్రాంతం నిజాంపూర్‌లో పుట్టిన లక్ష్మాగౌడ్ గారు కూడా బరోడాలో అదే గురువు దగ్గర చదివి తిరిగొచ్చినవారే. 2016లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన ఎచ్చింగుల్లో మేకలు, పెంకుటిళ్లు, చెట్లు, ఒళ్లు దాచుకోని మనుషులు, ఎక్కువగా నలుపు తెలుపుల్లోనే. లోహపు రేకు మీద సూదితో గీసి, ఆమ్లం చేత తినిపించి తీసే గీతకు రంగుతో పెద్దగా అవసరం పడలేదు. పక్కపక్క జిల్లాలు, ఒకే బడి, ఒకే గురువు. ఒకరు కుంకుమ తెచ్చుకున్నారు, ఒకరు మసి తెచ్చుకున్నారు. ఎందుకలా అంటే వాళ్ల కళ్లు చిన్నప్పుడు దేని మీద ఎక్కువసేపు నిలిచాయో అక్కడికి వెళ్లి వెతకాలి.

మా అమ్మ బొమ్మలు వేసేది కాదు. పండగకు గోడలకు జాజు అనే ఎర్రమట్టి పూసి, దాని మీద సున్నంతో ముగ్గులు పెట్టేది. ఏ ముగ్గు పెట్టాలో ముందే అనుకుంటావా అని ఒకసారి అడిగాను. చుక్కలు పెట్టినంక అదే దొరుకుతది బిడ్డా అంది. ఏం గీయాల్నో ఎట్ల తెలుస్తదని పిల్లలు అడిగితే నేను అమ్మ మాటే చెప్పి ఉండాల్సింది. అది గుర్తుకు రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

గుర్తొచ్చాక ఒక పని చేశాను. ఎనిమిదో తరగతి పిల్లలతో, వచ్చే పీరియడ్‌కు ఎవరింట్లో ఉన్న ఎరుపు వాళ్లు తీసుకురండి, కొనొద్దు అన్నాను. వచ్చినవి చూస్తే నాకే సంబరమేసింది. కుంకుమ, గోరింటాకు ముద్ద, సగం కోసిన బీట్‌రూట్, మందారపువ్వు. బట్టీలో పనిచేసే వాళ్ల పిల్లవాడు ఇటుకపొడి పొట్లం కట్టుకొచ్చాడు. మందారపువ్వు కాగితానికి రుద్దితే ఎరుపు రాలేదు, ఊదారంగు వచ్చింది. ఆ పిల్లవాడు ఊదారంగు కాకిని వేశాడు. బీట్‌రూట్ బొమ్మ కాసేపటికి రంగు మారిపోయింది.

ఒక అమ్మాయి మాత్రం ఒక కాగితంలో పసుపు, వాళ్ల నాయనమ్మ తమలపాకులకు వాడే సున్నం డబ్బీ తెచ్చింది. "ఎరుపు ఏదమ్మా?" అన్నాను. "ఈడనే కలుపుత సార్" అంది. అరచేతిలో నీళ్లచుక్క వేసి రెండూ కలిపింది. పెళ్లిలో కాళ్లకు పెట్టే పారాణి ఎరుపు, చేతిలోనే లేచింది. పిల్లలంతా బెంచీలు దిగి ఆమె చుట్టూ చేరారు. ఆ ఎరుపుతో కోడిపుంజును వేసింది. జుట్టు, గడ్డం కింద తోలు, రెక్కల అంచులు.

పారాణి ఎరుపు నిలవదు. తరువాతి వారానికి కోడిపుంజు జుట్టు పాలిపోయి పసుప్పచ్చగా అయింది. బొమ్మను ఆమె ముందు పెట్టడానికి నాకు మనసొప్పలేదు. ఆమె దాన్ని కాసేపు చూసి, సంచిలో చెయ్యిపెట్టి సున్నం డబ్బీ బయటికి తీసింది.