ఒకే గుడ్డులో ముందూ తరువాతా

మిత్రులందరికీ నమస్కారం.

ఆవగింజంత గుడ్డు గురించి మాట్లాడటానికి వచ్చాను. ఇది దక్షిణాఫ్రికా కప్ప జెనోపస్ లేవిస్ పెట్టే గుడ్డు. వ్యాసం సుమారు 1.2 మిల్లీమీటర్లు. పైసగం ముదురు రంగు, కిందిసగం లేత రంగు. శుక్రకణం ముదురు సగంలోనే ప్రవేశిస్తుంది.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో ప్రాణమున్న గుడ్డును చూడలేం. గ్లుటరాల్డిహైడ్, ఆస్మియం టెట్రాక్సైడ్ అనే రసాయనాలతో దాన్ని ఉన్నదున్నట్టు నిలిపి, రెసిన్‌లో గట్టిపరచి, 70 నానోమీటర్ల మందాన కోయాలి. మొత్తం గుడ్డును కోస్తే 17,000 ముక్కలవుతాయి! పచ్చసొన పలకలు దట్టంగా ఉండటం వల్ల రెసిన్ సరిగ్గా ఇంకదు, కోత చిరిగిపోతుంది. ఈ పనికి చేతి నేర్పు ఎంత కావాలో, ఓర్పూ అంతే కావాలి.

ఫలదీకరణకు ముందు గుడ్డు పైపొర కిందనే చిన్న చిన్న సంచులు వరుసగా కనిపిస్తాయి. వాటిని కార్టికల్ రేణువులంటారు. శుక్రకణం తాకిన చోట కాల్షియం అల ఒకటి పుట్టి, కొద్ది నిమిషాల్లో గుడ్డు అవతలి కొసకు చేరుతుంది. అల వచ్చిన చోటల్లా సంచులు పైపొరతో కలిసి, లోపలి సరుకును బయటికి వదిలేస్తాయి. అందులోని లెక్టిన్ అనే ప్రోటీన్ గుడ్డు బయటి కవచాన్ని దాటి వెళ్లి, దాని చుట్టూ ఉన్న జిగురులోని లోపలి పొరతో ముడిపడి కొత్త దట్టమైన పొరగా మారుతుంది. 1974లో గ్రే, వుల్ఫ్, హెడ్రిక్ అనే శాస్త్రవేత్తలు ఈ నిర్మాణాన్ని వివరించారు. ఇక మరో శుక్రకణానికి దారి లేదు. కవచం గుడ్డు నుంచి విడివడటంతో, బరువైన పచ్చసొన వైపు కిందికి వచ్చేలా గుడ్డు ఆ కవచం లోపల తిరుగుతుంది.

నన్ను అన్నిటికంటే కట్టిపడేసేది, అల సగం దారిలో ఉండగా నిలిపిన గుడ్డు. ఒకవైపు సంచులు ఖాళీ అయిన గుంటలు, మరోవైపు ఇంకా నిండుగా ఉన్న సంచులు. జరిగిపోయినదీ జరగబోయేదీ ఒకే గుడ్డులో పక్కపక్కనే ఉంటాయి. అయితే రసాయనం లోపలికి ఇంకడానికి కొంత సమయం పడుతుంది, ఆలోగా అల ముందుకు సాగవచ్చు. అందుకే క్షణంలో గడ్డకట్టించే పద్ధతులకు నేను ఎక్కువ విలువ ఇస్తాను.

మరో మార్పు ఇంకా ఆలస్యంగా వస్తుంది. గుడ్డు కింది భాగంలో, పైపొర లోపల సూక్ష్మనాళికలు, అంటే సన్నని గొట్టాల్లాంటి ప్రోటీన్ పోగులు, సమాంతరంగా బారులు తీరుతాయి. 1988లో ఎలిన్సన్, రోనింగ్ వీటిని చూపారు. వీటి వెంబడి పైపొర సుమారు 30 డిగ్రీలు జరుగుతుంది. కప్పకు వీపు ఎటు రావాలో అక్కడే నిర్ణయమవుతుంది. ఫలదీకరణ జరిగిన సుమారు 90 నిమిషాలకు గుడ్డు రెండుగా చీలుతుంది. అప్పటికి ఆ బారులు ఉండవు.