ఇంకో తొంభై నిమిషాలున్నాయి

నమస్తే అండి. మొన్న ఆదివారం భోజనాలయ్యాక నేను ఫోన్‌లో ఛాంపియన్స్ లీగ్ పాత మ్యాచ్ ఒకటి చూస్తుంటే మా బావమరిది పక్కన వచ్చి కూర్చున్నాడు. వాడికి క్రికెట్ తప్ప ఇంకో ఆట తెలియదు. కాసేపు చూసి, "బావా, నాకౌట్ అంటే ఓడినవాడు ఇంటికే కదా? మరి పోయిన వారం ఓడినవాళ్ళు ఈ వారం మళ్ళీ ఆడుతున్నారేంటి?" అన్నాడు.

న్యాయమైన ప్రశ్నే. ఐపీఎల్ ఎలిమినేటరైనా, వరల్డ్ కప్ సెమీఫైనలైనా ఒక్క మ్యాచ్‌లో తేలిపోతుంది. యూరప్ పెద్ద క్లబ్బుల టోర్నీ అయిన ఈ ఛాంపియన్స్ లీగ్‌లో మాత్రం ఫైనల్ తప్ప నాకౌట్ పోరు ప్రతిదీ రెండు మ్యాచ్‌లు. ఒకటి మన ఊళ్ళో, ఒకటి వాళ్ళ ఊళ్ళో. ఒక్కో మ్యాచ్‌ని లెగ్ అంటారు. రెండు మ్యాచ్‌ల గోల్స్ కలిపి చూస్తారు. దాన్నే అగ్రిగేట్ అంటారు. నన్నడిగితే అసలు అవి రెండు మ్యాచ్‌లు కావు. 180 నిమిషాల ఒకే మ్యాచ్. హాఫ్ టైమ్ మాత్రం వారం రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఆ వారంలో ఒక ఊరు పండగ చేసుకుంటుంది, ఇంకో ఊరికి నిద్ర పట్టదు. నేను ఫుట్‌బాల్‌ని ఇంతగా ప్రేమించడానికి సగం కారణం ఆ వారమే.

ఇదంతా వాడికి మాటల్లో చెబితే ఎక్కదని 2019 సీజన్ చూపించడం మొదలుపెట్టాను. మీకూ అదే చెబుతాను. నేను చూసినవాటిలో అంత గొప్ప నాకౌట్ సీజన్ ఇంకోటి లేదు.

ఫిబ్రవరిలో మొదలైంది. రియల్ మాడ్రిడ్ అప్పటికి వరసగా మూడేళ్ళు ఛాంపియన్. ఆమ్‌స్టర్‌డామ్ వెళ్ళి అయాక్స్‌ని 2-1తో కొట్టి వచ్చింది. ఆ మ్యాచ్ చివర్లో కెప్టెన్ సెర్హియో రామోస్ ఎల్లో కార్డు తీసుకున్నాడు. కావాలనే తీసుకున్నాడు. అంతకుముందు కార్డులతో కలిపి దానికి ఒక మ్యాచ్ సస్పెన్షన్ పడుతుంది. సెకండ్ లెగ్‌కి కూర్చుని ఆ సస్పెన్షన్ కాస్తా అయిపోగొట్టుకుంటే, క్వార్టర్ ఫైనల్‌కి ఏ బెంగా లేకుండా దిగొచ్చని లెక్క. సెకండ్ లెగ్ అప్పుడే గెలిచేసినట్టు! మార్చి 5న మాడ్రిడ్‌లో, సొంత స్టేడియంలో, పైన కూర్చుని తన జట్టు 1-4తో కుప్పకూలడం చూశాడు. జీయెక్, నెరెస్, టాడిచ్, షోనె తలో గోల్ కొట్టారు. రామోస్ అనుకున్న క్వార్టర్ ఫైనల్ రానే లేదు. కావాలని కార్డు తీసుకున్నందుకు యూరప్ ఫుట్‌బాల్ సంఘం యుయెఫా రెండు మ్యాచ్‌ల నిషేధం వేసింది.

మర్నాడు ప్యారిస్. మాంచెస్టర్ యునైటెడ్ ఫస్ట్ లెగ్‌లో తమ ఊళ్ళోనే ప్యారిస్ జట్టు పీఎస్‌జీ చేతిలో 0-2తో ఓడి వచ్చింది. సొంతగడ్డ మీద రెండు గోల్స్ తేడాతో ఓడిన జట్టు తిరిగి గట్టెక్కడం ఛాంపియన్స్ లీగ్‌లో అప్పటిదాకా లేదు. తొంభై నిమిషాలయ్యాక కలిపే ఇంజ్యురీ టైమ్‌లో, వీఏఆర్ (వీడియో రీప్లే) చూసి ఇచ్చిన పెనాల్టీని యునైటెడ్ ఆటగాడు రాష్‌ఫోర్డ్ గోల్ చేశాడు. 3-1. మొత్తం మీద 3-3, బయట ఊళ్ళో ఎక్కువ గోల్స్ కొట్టింది యునైటెడ్ కాబట్టి యునైటెడ్ ముందుకెళ్ళింది.

ఇక్కడ మా వాడు ఆపాడు. "3-3 అంటే సమానం కదా, వీళ్ళెలా గెలిచారు?" అని.

అవే గోల్ రూల్. రెండు మ్యాచ్‌లు కలిపాక లెక్క సమానమైతే, ఎదుటివాడి ఊళ్ళో ఎవరు ఎక్కువ గోల్స్ కొట్టారో వాళ్ళు గెలిచినట్టు. ఈ రూల్ ఎందుకొచ్చిందో తెలియాలంటే 1965లో ఏం జరిగిందో చెప్పాలి. యూరోపియన్ కప్ (ఛాంపియన్స్ లీగ్ పాత పేరు) క్వార్టర్ ఫైనల్, ఇంగ్లండ్ జట్టు లివర్‌పూల్, జర్మనీ జట్టు కొలోన్. రెండు మ్యాచ్‌లూ 0-0. మూడో మ్యాచ్ రాటర్‌డామ్‌లో పెట్టారు. అదీ 2-2. అప్పటికి పెనాల్టీ షూటౌట్లు లేవు. ఇక చేసేదేం లేక రిఫరీ బొమ్మా బొరుసూ వేశాడు. ఒకవైపు ఎరుపు, ఒకవైపు తెలుపు ఉన్న బిళ్ళ. ఎగరేస్తే అది వచ్చి బురదలో నిలువునా దిగబడింది! మళ్ళీ తీసి వేశాడు. లివర్‌పూల్ గెలిచింది. మూడు మ్యాచ్‌లు, 300 నిమిషాలు ఒళ్ళు హూనం చేసుకున్నాక ఒక బిళ్ళ వల్ల ఇంటికెళ్ళిన ఆ కొలోన్ ఆటగాళ్ళని తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది. ఆ తర్వాతి సీజన్లో కప్ విన్నర్స్ కప్ అనే ఇంకో యూరప్ టోర్నీలో అవే గోల్ రూల్ మొదలుపెట్టారు. కొన్నాళ్ళకి యూరోపియన్ కప్‌కీ వచ్చింది.

అదే లివర్‌పూల్, 2019 సెమీఫైనల్. ఇది తాపీగా చెబుతాను.

మే 1న బార్సిలోనాలో ఫస్ట్ లెగ్. లివర్‌పూల్ ఏమీ చెత్తగా ఆడలేదు, అది గుర్తుపెట్టుకోండి. కానీ సువారెజ్ ఒకటి కొట్టాడు, మెస్సీ రెండు. ఆ రెండోది దాదాపు ముప్పై గజాల నుంచి ఫ్రీకిక్. బార్సిలోనా తరఫున మెస్సీకి అది 600వ గోల్. 3-0. చివరి క్షణంలో బార్సిలోనా ఆటగాడు డెంబెలేకి ఎదురుగా గోల్‌కీపర్ తప్ప ఎవరూ లేరు. మెత్తగా తన్ని అలిసన్ చేతుల్లో పెట్టాడు. మెస్సీ అక్కడే గడ్డి మీద పడిపోయాడు. మూడు గోల్స్ ఆధిక్యం చేతిలో ఉన్న మనిషి ఒక్క గోల్ పోయినందుకు ఎందుకలా పడిపోయాడా అని ఆ రోజు అనిపించింది. వారం తిరిగేసరికి తెలిసింది.

లివర్‌పూల్ లెక్క ఏంటో చూడండి. మూడు కొడితే సమానం. నాలుగు కొడితే గెలుపు. ఈలోగా బార్సిలోనా ఒక్కటి కొట్టిందా, నాలుగూ చాలవు, ఐదు కావాలి. పైగా సలాకి తలకి దెబ్బ, ఫిర్మినోకి గాయం. ముగ్గురు ప్రధాన ఫార్వర్డ్‌లలో ఇద్దరు లేరు. సలా స్టాండ్స్‌లో కూర్చున్నాడు, టీషర్ట్ మీద 'వదలొద్దు' అని ఇంగ్లీషులో రాసి ఉంది.

మే 7, లివర్‌పూల్ సొంత స్టేడియం యాన్‌ఫీల్డ్. మనకి అర్ధరాత్రి పన్నెండున్నర. ఏడో నిమిషంలో లివర్‌పూల్ ఫార్వర్డ్ డివాక్ ఒరిగి గోల్ కొట్టాడు. హాఫ్ టైమ్‌కి 1-0. లెఫ్ట్ బ్యాక్ రాబర్ట్‌సన్‌కి దెబ్బ తగిలి బయటికెళితే, అతని బదులు వైనాల్డమ్ దిగాడు. 54వ నిమిషంలో అతనే ఒకటి, 56వ నిమిషంలో ఇంకోటి. రెండే రెండు నిమిషాల్లో 3-0. అగ్రిగేట్ 3-3. నేను టీవీ సౌండ్ తగ్గించి, ఇంట్లోవాళ్ళు లేవకుండా దిండు నోటికి అడ్డం పెట్టుకుని అరిచాను.

ఆ తర్వాత 79వ నిమిషం. లివర్‌పూల్‌కి కార్నర్, అంటే మైదానం మూల నుంచి బంతిని తన్నే అవకాశం. మామూలుగా కార్నర్ అంటే ఏం జరుగుతుంది? బంతి బయటికెళుతుంది, డిఫెండర్లు కాస్త ఊపిరి పీల్చుకుంటారు, ఎవరు ఎవర్ని పట్టుకోవాలో చూసుకుంటారు. పొడుగ్గా ఉన్నవాళ్ళు మెల్లగా గోల్ ముందుకి నడిచొస్తారు. ఆ రోజు అంచున నిలబడ్డ బాల్ బాయ్‌కి పద్నాలుగేళ్ళు. లివర్‌పూల్ అకాడమీ కుర్రాడే. బంతిని ఒక్క క్షణం కూడా ఆపలేదు, వెంటనే విసిరాడు. అలెగ్జాండర్-ఆర్నాల్డ్, అతనికీ అప్పుడు ఇరవయ్యే, బంతిని మూల దగ్గర పెట్టి రెండడుగులు వెనక్కి నడిచాడు. కార్నర్ షకీరీ తీసుకుంటాడు అన్నట్టు. అంతలో తల తిప్పి చూశాడు. గోల్ ముందు ఒరిగి ఒక్కడే ఉన్నాడు. బార్సిలోనా వాళ్ళు ఒక్కరూ బంతి వైపు చూడట్లేదు. గిరుక్కున వెనక్కి తిరిగి నేలబారుగా తన్నాడు. బార్సిలోనా డిఫెండర్ పీకే తల తిప్పేసరికి బంతి ఒరిగి కాలికి తగిలి గోల్ పైకప్పులోకి పోయింది.

మెస్సీ ఉన్న జట్టు, సెమీఫైనల్లో, బంతి వైపు చూడకుండా ఉండిపోయింది. భయం మనిషిని అలా చేస్తుంది. అంతకు ముందు ఏడాది ఇదే బార్సిలోనా రోమాని ఫస్ట్ లెగ్‌లో 4-1తో గెలిచి, అక్కడికెళ్ళి 0-3తో ఓడి ఇంటికొచ్చింది. ఆ రాత్రి వాళ్ళ బుర్రల్లోంచి పోయిందని నేననుకోను. పోయిన వారం మూడు గోల్స్ ఓడి, దాచుకోవడానికి ఏమీ మిగలని లివర్‌పూల్ తేలిగ్గా పరిగెత్తింది. మూడు గోల్స్ మూటగట్టుకొచ్చిన బార్సిలోనా ఆ మూట ఎక్కడ జారిపోతుందోనని బిగుసుకుపోయింది.

ఇంకో సంగతి. 4-0 అయ్యాక కూడా, బార్సిలోనా ఒక్క గోల్ కొడితే చాలు, 4-4, అవే గోల్ మీద ఫైనల్‌కి వెళ్ళేది బార్సిలోనానే. ఒక్కటంటే ఒక్కటి. అవతల మెస్సీ. మిగిలిన ఆ పదిహేను నిమిషాలూ నేను కూర్చోలేకపోయాను. హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకి నడుస్తూనే ఉన్నాను.

ఈ అవే గోల్ రూల్‌ని 2021లో తీసేశారు. కారణం యుయెఫా చెప్పింది. 1970ల మధ్యలో సొంత ఊళ్ళో గెలుపులు 61 శాతం, బయట గెలుపులు 19 శాతం ఉండేవి. 2021 నాటికి అది 47, 30 దాకా వచ్చింది. ప్రయాణాలు సులువయ్యాయి, గ్రౌండ్లు అన్నిచోట్లా ఒకేలా ఉంటున్నాయి, కెమెరాలకి భయపడి రిఫరీయింగ్ మెరుగైంది. బయట ఊళ్ళో గోల్ కొట్టడం మునుపటంత ఘనకార్యం కాదు. పైగా సొంత ఊళ్ళో జట్లు ఎక్కడ ఒక అవే గోల్ ఇచ్చేస్తామోనని దాడి మానేసి తలుపులేసుకుని కూర్చునేవి. ఈ కారణాలన్నీ నిజమే, ఒప్పుకుంటాను. లెక్క పూర్తిగా సమానమైతే ఆడించే ఎక్స్‌ట్రా టైమ్‌లో బయటి నుంచి వచ్చిన జట్టుకి అదనంగా అరగంట అవే గోల్ అవకాశం దక్కడం కూడా అన్యాయమే. అయినా సరే, నాకు ఆ రూల్ పోయినందుకు బాధే. సమానం దగ్గర ఆట ఆగేది కాదు. ప్రతి గోల్‌కీ రెండు ధరలుండేవి. 3-0తో గెలుస్తున్నవాడు కూడా ఒక్క గోల్‌కి వణకాల్సి వచ్చేది.

రెండు లెగ్‌లు తీసేసి ఒక్క మ్యాచ్‌తో తేల్చేయండి అనేవాళ్ళు కూడా ఉన్నారు. 2020లో కరోనా వల్ల క్వార్టర్ ఫైనల్స్ నుంచి అలాగే చేశారు. అన్నీ లిస్బన్‌లో, ఖాళీ స్టేడియాల్లో. బయర్న్ 8, బార్సిలోనా 2. ఆ ఎనిమిది గోల్స్ చూశాం, నోరెళ్ళబెట్టాం. కానీ అదే పద్ధతి ఏడాది ముందు ఉండుంటే లివర్‌పూల్ కథ మే 1నే ముగిసేది. ఆ కార్నర్ ఉండేదే కాదు.

యాన్‌ఫీల్డ్ మర్నాడు ఆమ్‌స్టర్‌డామ్. మా బావమరిదికి చివరగా చూపించింది ఇదే. స్కోరు చెప్పకుండా చూపించాను. అయాక్స్ మాడ్రిడ్‌ని పడగొట్టింది, టూరిన్ వెళ్ళి రొనాల్డో ఉన్న యువెంటస్‌నీ పడగొట్టింది. కెప్టెన్ డె లిహ్ట్‌కి పందొమ్మిదేళ్ళు. ఎదురుగా లండన్ జట్టు టాటెన్‌హామ్. ఆ సీజన్ మొత్తంలో ఒక్క కొత్త ఆటగాణ్ణీ కొనలేదు. కెప్టెన్ లోరిస్ ఉన్నాడు గానీ గోల్స్ కొట్టే హ్యారీ కేన్ గాయంతో బయట. ఫస్ట్ లెగ్ లండన్‌లో అయాక్స్ 1-0తో గెలిచింది. ఇక్కడ ఐదో నిమిషంలో డె లిహ్ట్ హెడర్, 35వ నిమిషంలో జీయెక్. అగ్రిగేట్ 3-0. స్టేడియం అంతా పాటలు.

హాఫ్ టైమ్‌లో మా వాడు ఆవలించాడు. "అయిపోయింది బావా. పడుకుందాం."

"కూర్చోరా, ఇంకో తొంభై... కాదు, ఇంకో నలభై ఐదు నిమిషాలున్నాయి" అన్నాను.

55వ నిమిషంలో టాటెన్‌హామ్ తరఫున లూకాస్ మౌరా ఒకటి కొట్టాడు. మా వాడు కదల్లేదు. 59వ నిమిషంలో మళ్ళీ లూకాసే. గోల్ ముందు ఇంతమంది కాళ్ళ మధ్య బంతిని అటూ ఇటూ తిప్పుకుని, కాస్త సందు దొరికేదాకా ఆగి కొట్టాడు. మా వాడు కాళ్ళు కిందికి దించి ముందుకి జరిగాడు. జీయెక్ కొట్టింది పోస్ట్‌కి తగిలి బయటికి పోయింది. టాటెన్‌హామ్ ఆటగాడు వెర్టోంగెన్ హెడర్ బార్‌కి తగిలింది. ఇంజ్యురీ టైమ్ ఐదు నిమిషాలు చూపించారు. అయాక్స్ కోచ్ దగ్గర్నుంచి గ్యాలరీ దాకా అందరి కళ్ళూ రిఫరీ విజిల్ మీదే.

నేను తెర వైపు చూడట్లేదు, వాడి మొహమే చూస్తున్నాను. వాడు వేళ్ళు మడుస్తూ లెక్కేస్తున్నాడు. అక్కడ ఒకటి, ఇక్కడ రెండు, మొత్తం మూడు. వీళ్ళవి రెండు.

"బావా, ఇంకొక్కటి కొడితే సమానమే, కానీ వీళ్ళు కొట్టినవన్నీ బయట ఊళ్ళోవి కదా... ఇంకొక్కటే కావాలి కదా?"

టాటెన్‌హామ్ ఆటగాడు సిస్సోకో వెనక నుంచి పొడుగ్గా ఒక బంతి వేశాడు.