అత్త మీద కోపం దుత్త మీద: మేనేజర్ వెళ్ళిపోయిన రోజు గ్యాలరీలో పండుగ ఎందుకు?

సమన్వయకర్త: నమస్కారం. ఫుట్‌బాల్‌లో మేనేజర్, అంటే జట్టును నడిపే ప్రధాన కోచ్, ఉద్యోగం ఊడటం పెద్ద వార్త కాదు, సీజన్ మొదలైతే ఎక్కడో ఒకచోట జరుగుతూనే ఉంటుంది. అయితే ఆ కబురు విని సొంత క్లబ్ అభిమానులే పీడ విరగడైందని సంబరపడటం మాత్రం ఎన్నిసార్లు చూసినా కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. ఈ రోజు దాని గురించే మాట్లాడుకుందాం. మనతో ఒక మాజీ కోచ్, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ మీద చాలాకాలంగా రాస్తున్న పాత్రికేయురాలు, న్యూకాజిల్ యునైటెడ్ అభిమాని ఒకరు ఉన్నారు. ముందుగా అభిమాని గారినే అడుగుతాను. 2021 అక్టోబర్ 20న మీ మేనేజర్ స్టీవ్ బ్రూస్ వెళ్ళిపోయారని తెలిసినప్పుడు మీరేం చేశారు?

అభిమాని: దాచడం ఎందుకు, చాలా సంతోషించాను. పరస్పర అంగీకారంతో తప్పుకున్నారని క్లబ్ ప్రకటించింది. ఆ మాట చదివి నవ్వుకున్నాను కూడా, ఎందుకంటే ఆ అంగీకారంలో మా అంగీకారం రెండేళ్ళ కిందటే సిద్ధంగా ఉంది. ఆ సీజన్‌లో అప్పటికి ఎనిమిది లీగ్ మ్యాచ్‌లు ఆడి ఒక్కటి కూడా గెలవలేదు. ఒక గంట గడిచాక, ఆయన ఆ ప్రాంతంలోనే పుట్టి, చిన్నప్పుడు ఇదే జట్టును అభిమానించి పెరిగిన మనిషి కదా అన్న సంగతి గుర్తొచ్చింది. అప్పుడు కొంచెం మనసు చివుక్కుమంది. కొంచెమే.

కోచ్: ఆ కొంచెం గురించే నేను ఇక్కడికి వచ్చాను.

సమన్వయకర్త: దానికి తప్పకుండా వద్దాం, కోచ్ గారూ. మేడమ్, బ్రూస్ విషయంలో అభిమానుల కోపం ఫలితాల మీదేనా?

పాత్రికేయురాలు: ఫలితాల మీద అనుకుంటే లెక్క ఎంతకీ తెగదు. బ్రూస్ కంటే ముందున్న రఫా బెనిటెజ్‌ను న్యూకాజిల్ జనం నెత్తిన పెట్టుకున్నారు. ఇంగ్లండ్‌లో అన్నిటికంటే పై డివిజన్ అయిన ప్రీమియర్ లీగ్‌లో ఆయన నడిపిన రెండు పూర్తి సీజన్లలో, అంటే 2017-18లో, 2018-19లో, జట్టుకు వచ్చిన పాయింట్లు వరుసగా 44, 45. తర్వాత వచ్చిన బ్రూస్ రెండు పూర్తి సీజన్లు నడిపారు. ఆయనకు వచ్చిన పాయింట్లు కూడా వరుసగా 44, 45. ఒకాయనకు స్థానాలు పది, పదమూడు అయితే, ఇంకొకాయనకు పదమూడు, పన్నెండు. పట్టిక ఒకటే, యజమాని ఒకరే, ఆటగాళ్ళు కూడా చాలామంది వాళ్ళే. ఒకరు వెళ్ళినప్పుడు కన్నీళ్ళు, ఒకరు వెళ్ళినప్పుడు కేరింతలు.

అభిమాని: మేడమ్ చెప్పిన అంకెలు నిజమే, వాటిని మా ముందు పెట్టి వాదించినవాళ్ళు అప్పట్లోనూ ఉన్నారు. కానీ 44 పాయింట్లు ఎలా వచ్చాయన్నది చూసేవాడికి ముఖ్యం. బెనిటెజ్ జట్టు వెనక్కి తగ్గి ఆడినా, ఎందుకు తగ్గుతోందో మాకు అర్థమయ్యేది. బ్రూస్ జట్టు ఎందుకు తగ్గుతోందో ఆయనకైనా తెలుసా అన్న అనుమానం వచ్చేది. పైగా 2016లో జట్టు కింది డివిజన్‌కు పడిపోయినప్పుడు బెనిటెజ్ మమ్మల్ని వదిలి వెళ్ళలేదు. అంతకుముందు యూరప్ క్లబ్బుల అతిపెద్ద పోటీ అయిన చాంపియన్స్ లీగ్ గెలిచిన మనిషి, ఆ కింది డివిజన్‌లోనే ఉండి దాన్ని గెలిపించి పైకి తెచ్చారు. యజమాని మైక్ ఆష్లీ డబ్బు పెట్టనంటే ఆ మాట బయటికి వచ్చి చెప్పారు. మా పక్షాన ఒకరు మాట్లాడుతున్నారని మాకు మొదటిసారి అనిపించింది. అలాంటి మనిషి 2019లో కాంట్రాక్టు ముగించుకుని వెళ్ళిపోయాక, ఆష్లీ తెచ్చి కూర్చోబెట్టిన మనిషి బ్రూస్. అదీ గాక ఆయన అంతకుముందు మా బద్ధశత్రువు సండర్‌లాండ్‌కు మేనేజర్‌గా పనిచేసి ఉన్నారు.

పాత్రికేయురాలు: చూశారా, మీరే చెప్పేశారు. మీ జవాబులో ఎక్కువ వాటా ఆష్లీదే. ఆయన 2007 నుంచి పద్నాలుగేళ్ళు యజమానిగా ఉన్నారు, నిరసనలు జరగని సంవత్సరం దాదాపు లేదు, అయినా తనకు నచ్చిన ధర వచ్చేవరకు ఆయన కదల్లేదు. అత్త మీద కోపం దుత్త మీద తీర్చుకున్నట్టు ఆ కోపమంతా బ్రూస్ మీదికి మళ్ళింది. ఇక్కడ నాకు ఆశ్చర్యం కలిగించే సంగతి ఇంకొకటి ఉంది. అక్టోబర్ 7న క్లబ్ చేతులు మారింది, అత్త వెళ్ళిపోయింది. స్టేడియం బయట జనం ఆడిపాడారు. పది రోజుల తర్వాత టోటెన్‌హామ్‌తో మ్యాచ్ జరిగింది, అది మేనేజర్‌గా బ్రూస్‌కు వెయ్యో మ్యాచ్. రెండో నిమిషంలోనే న్యూకాజిల్ గోల్ కొట్టింది, చివరికి 3-2తో ఓడింది. మూడు రోజుల్లో ఆయన కూడా లేరు.

కోచ్: అయ్యా, నేను ఇప్పుడు మాట్లాడవచ్చా? స్టేడియంలో ఎవరెక్కడ కూర్చుంటారో ఒకసారి గమనించండి. యజమాని పైన, అద్దాల వెనుక ఉంటారు, ఇష్టం లేకపోతే ఆ రోజు రారు. మేనేజర్ గీత పక్కన నిలబడతారు, గ్యాలరీ మొదటి వరుస ఆయన వీపుకు నాలుగడుగుల దూరంలో ఉంటుంది. అరుపు మొత్తంగా ఒక హోరులా వినిపిస్తుందని టీవీలో చూసేవాళ్ళు అనుకుంటారు. హోరు బాధించదు. బాధించేది ఒక్క గొంతు, స్పష్టంగా, పేరు పెట్టి పిలిచి, జట్టు గోల్ కొట్టి అందరూ కూర్చున్నాక వచ్చే నిశ్శబ్దంలో అనే ఒక్క మాట. నేను చిన్న స్థాయిలో పనిచేసినవాణ్ణి, నా వెనుక ఉండేది రెండు మూడు వందల మంది. అయినా అలాంటి ఒక మాట నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. బ్రూస్ వెళ్ళిపోతూ ఇచ్చిన ఇంటర్వ్యూలో ఇదే తనకు చివరి ఉద్యోగం కావచ్చని, ఇది ఇంట్లోవాళ్ళను కూడా కుంగదీసిందని చెప్పుకొచ్చారు. ఆయన తర్వాత వెస్ట్ బ్రామ్ అనే క్లబ్‌లో చేరారు, అది వేరే సంగతి, ఈ వృత్తి మానడం అంత తేలిక కాదు.

అభిమాని: కోచ్ గారూ, వ్యక్తిగత దూషణను నేను సమర్థించను. కానీ డబ్బు పెట్టి టికెట్ కొన్నవాడు నోరు మూసుకుని చూడాలంటే ఎలా? మా దగ్గర ఉన్న ఆయుధం గొంతు ఒక్కటే.

కోచ్: గొంతు ఒక్కటే కాదు. లండన్ క్లబ్ చెల్సీ అభిమానులు చప్పట్లను కూడా ఆయుధం చేశారు.

సమన్వయకర్త: చప్పట్లతోనా?

కోచ్: మేడమ్ నాకంటే బాగా చెబుతారు, ఆమె దాని మీద రాశారు.

పాత్రికేయురాలు: అది కూడా బెనిటెజ్ కథే. 2012 మేలో రొబెర్తో డి మాతేయో చెల్సీకి మొట్టమొదటి చాంపియన్స్ లీగ్ తెచ్చిపెట్టారు. ఆరు నెలలు తిరిగేసరికి నవంబర్ 21న ఆయన్ను తీసేసి, అదే రోజు తాత్కాలిక మేనేజర్‌గా బెనిటెజ్‌ను ప్రకటించారు. బెనిటెజ్ లివర్‌పూల్‌లో ఉన్నప్పుడు, చెల్సీ తన అభిమానులకు జెండాలు పంచిపెట్టడాన్ని ఎద్దేవా చేసినవారు. అది వాళ్ళు మరిచిపోలేదు. మొదటి మ్యాచ్‌లోనే ఈలలు, అరుపులు. ఇక ప్రతి మ్యాచ్‌లో గడియారం పదహారో నిమిషం చూపించగానే గ్యాలరీ లేచి చప్పట్లు కొట్టేది, ఎందుకంటే చెల్సీ ఆటగాడిగా డి మాతేయో వేసుకున్న చొక్కా నంబరు 16. వెళ్ళిపోయిన మనిషికి గౌరవం, నిలబడి ఉన్న మనిషికి అవమానం, రెండూ ఒకే చప్పట్లలో. మీరు ఆ వీడియోలు చూస్తే, ఆ నిమిషంలో బెనిటెజ్ ముఖం మీద ఏమీ కనిపించదు, ఆయన ఆట వైపే చూస్తూ ఉంటారు. అయితే 2013 ఫిబ్రవరిలో మిడిల్స్‌బరో మీద కప్పు మ్యాచ్ గెలిచిన రాత్రి ఆయన ఓపిక తెగింది. అభిమానులు సమయం వృథా చేస్తున్నారని, సీజన్ ముగియగానే తాను వెళ్ళిపోతానని చెప్పేశారు. మే నెలలో ఆమ్‌స్టర్‌డామ్‌లో బెన్ఫికాను 2-1తో ఓడించి యూరప్‌లో రెండో స్థాయి పోటీ అయిన యూరోపా లీగ్ గెలిచారు, లీగ్‌లో మూడో స్థానంలో నిలిచారు, చెప్పినట్టే వెళ్ళిపోయారు.

సమన్వయకర్త: అంటే ఒకే మనిషి లివర్‌పూల్‌లో దేవుడు, న్యూకాజిల్‌లో దేవుడు, చెల్సీలో దయ్యం.

పాత్రికేయురాలు: ఎవర్టన్‌ను కూడా చేర్చండి. లివర్‌పూల్ నగరంలో రెండో క్లబ్ అది. 2021లో ఆయన్ను తీసుకోబోతున్నారనగానే, సంతకం పెట్టవద్దని బెదిరిస్తూ బ్యానర్ కట్టారు. 2022 జనవరి 16న, నార్విచ్ చేతిలో ఓడిన మర్నాడు తీసేశారు. బెనిటెజ్ పద్ధతి నాలుగు చోట్లా దాదాపు ఒకటే. కాబట్టి నచ్చకపోవడం అనేది మేనేజర్‌లో ఉండే గుణం కాదని, ఆయన్ను తెచ్చినవాళ్ళకూ అభిమానులకూ మధ్య ఉన్న తగాదాలో పుడుతుందని నా అభిప్రాయం.

అభిమాని: అలాగైతే యజమానినే పంపమంటాం కదా! మాంచెస్టర్ యునైటెడ్ వాళ్ళు చేసి చూశారు. గ్లేజర్ కుటుంబం 2005లో క్లబ్‌ను కొన్నది. 2010లో అభిమానులు ఎరుపు వదిలేసి ఆకుపచ్చ, బంగారు రంగు కండువాలు కప్పుకున్నారు. అవి క్లబ్‌కు న్యూటన్ హీత్ అనే పేరున్నప్పటి రంగులు. స్టేడియం సగం పచ్చగా కనిపించేది. ఏమైంది? కండువాలు పాతబడ్డాయి, గ్లేజర్లు ఉన్నారు. అదే అక్కడి మేనేజర్‌గా వచ్చిన డేవిడ్ మోయెస్‌ను తీసుకోండి, ఆరేళ్ళ కాంట్రాక్టుతో వచ్చి పది నెలల్లో వెళ్ళిపోయారు. కదిలేవాణ్ణే కదా ఎవరైనా నెడతారు!

కోచ్: చివరి వాక్యం మీరు గట్టిగా అన్నారు, నేను రాసుకుంటున్నాను. కానీ మోయెస్ విషయంలో ఒక సవరణ. 2014 మార్చి 29న ఆస్టన్ విల్లాతో మ్యాచ్ జరుగుతుండగా, మోయెస్‌ను పొమ్మనే బ్యానర్‌ను తగిలించుకుని ఒక విమానం స్టేడియం మీదుగా తిరిగింది. కొందరు అభిమానులు చందాలు వేసుకుని దాన్ని ఎగరవేయించారు. అప్పుడు స్టేడియంలో ఉన్నవాళ్ళు ఏం చేశారు? విమానాన్ని చూసి గేలి చేశారు, మోయెస్‌కు చప్పట్లు కొట్టారు. ఆ మ్యాచ్ 4-1తో గెలిచారు. కాబట్టి అభిమానులు అనే మాటను ఒకే ముద్దగా వాడవద్దని నా మనవి. ఆకాశంలో ఉన్నవాళ్ళు వేరు, కుర్చీలో ఉన్నవాళ్ళు వేరు.

అభిమాని: ఒప్పుకుంటాను. అయితే కుర్చీలో లేనివాళ్ళు కూడా మాట్లాడతారు. ఆర్సెనల్ విషయంలో బ్యానర్ల కంటే ఖాళీ కుర్చీలు ఎక్కువ పనిచేశాయని నా నమ్మకం. వాళ్ళ మేనేజర్ ఆర్సెన్ వెంగర్ చివరి సీజన్‌లో టికెట్లు ముందే అమ్ముడై ఉన్నాయి, క్లబ్‌కు ఆ డబ్బు పోలేదు, కానీ టీవీలో ఎర్ర కుర్చీల వరుసలు ఖాళీగా కనిపించేవి. ఇరవై రెండేళ్ళు పనిచేసి, మూడు లీగ్ టైటిళ్ళు, ఏడు ఎఫ్.ఎ. కప్పులు తెచ్చి, 2003-04లో 38 మ్యాచ్‌ల్లో ఒక్కటి కూడా ఓడని జట్టును తయారుచేసిన మనిషికి తిట్టు కంటే ఆ ఖాళీయే ఎక్కువ తగిలి ఉంటుంది.

పాత్రికేయురాలు: 2018 ఏప్రిల్ 20న వెళ్ళిపోతున్నానని ప్రకటించగానే ఆ కుర్చీలు మళ్ళీ నిండాయి. మే 6న బర్న్‌లీ మీద 5-0తో గెలిచినప్పుడు, సొంత మైదానంలో ఆయన ఆఖరి మ్యాచ్‌లో, స్టేడియమంతా మెర్సీ ఆర్సెన్, అంటే ఫ్రెంచ్‌లో ధన్యవాదాలు ఆర్సెన్, అని రాసిన టీషర్టులే. అంతకు ఏడాది ముందు ఆయన్ను పొమ్మన్న గొంతుల్లో ఎన్ని ఆ రోజు పాడాయో ఎవరు లెక్కపెట్టగలరు? నాకు అందులో కపటం కనిపించదు. వెళ్తానన్న మాట వచ్చాకనే ఆ పాత ప్రేమను బయటపెట్టడానికి వాళ్ళకు వీలు దొరికింది.

సమన్వయకర్త: కోచ్ గారూ, అసలు మేనేజర్‌ను మారిస్తే ఫలితం మారుతుందా?

కోచ్: క్లబ్ లెక్క వేరు. ఆటగాళ్ళను అమ్మాలన్నా కొనాలన్నా వేసవిలోనూ జనవరిలోనూ మాత్రమే వీలవుతుంది. మేనేజర్‌ను ఏ రోజైనా పరిహారం చెల్లించి పంపవచ్చు. ఫలితం సంగతికొస్తే, బాస్ టర్ వీల్ అనే ఆర్థికవేత్త నెదర్లాండ్స్ లీగ్ మీద 2011లో ప్రచురించిన అధ్యయనం ఉంది. వరుసగా ఓడి మేనేజర్‌ను తీసేసిన జట్లు కొంత కోలుకుంటాయి. అదే విధంగా ఓడి మేనేజర్‌ను అట్టిపెట్టుకున్న జట్లు కూడా దాదాపు అంతే కోలుకుంటాయి. అంటే జట్టు తన మామూలు స్థాయికి తిరిగి వస్తుంది, పేరు మాత్రం కొత్త మేనేజర్‌కు దక్కుతుంది. ఇక మేడమ్‌కు ఒక చిన్న అభ్యంతరం. తగాదా అంతా యజమానితోనే అంటే, సభ్యులదే క్లబ్ అయిన షాల్కే సంగతేమిటి? జర్మనీలో, అత్త అంటూ ఎవరూ లేని ఇల్లది. 2020-21లో ఒక్క సీజన్‌లో ఐదుగురు కోచ్‌లను చూసి, చివరికి కింది డివిజన్‌కు పడిపోయింది.

పాత్రికేయురాలు: అది నా వాదనకు దెబ్బే, ఒప్పుకుంటాను. సభ్యుల క్లబ్‌లో కూడా ఓటమికి ఒక ముఖం కావాలి. నేను యజమాని మీద మరీ ఎక్కువ మోపుతున్నానేమో.

అభిమాని: బ్రూస్ తర్వాత మాకు ఎడ్డీ హోవ్ వచ్చారు, జనవరిలో భారీగా ఖర్చుపెట్టారు, ఆ సీజన్‌ను 49 పాయింట్లతో పదకొండో స్థానంలో ముగించాం. ఆ డబ్బు బ్రూస్ చేతిలో పెట్టి ఉంటే అన్న ప్రశ్న మా వాళ్ళలో ఎవరూ అడగరు. నేనూ ఇంతవరకు పైకి అనలేదు, ఇదే మొదటిసారి.

సమన్వయకర్త: సమయం దగ్గరపడింది. కోచ్ గారు ఆ కొంచెం గురించి మాట్లాడటానికి వచ్చానన్నారు.

కోచ్: మోయెస్ చివరి మ్యాచ్ గురించి చెబుతాను. 2014 ఏప్రిల్ 20న ఆయన యునైటెడ్ జట్టుతో గూడిసన్ పార్క్‌కు, అంటే పదకొండేళ్ళు పనిచేసిన ఎవర్టన్ మైదానానికి వెళ్ళారు. ఆయన డగౌట్, అంటే మైదానం పక్కన కోచ్‌లు కూర్చునే చోటు, వెనుక ఒక ప్రేక్షకుడు నల్లముసుగు వేసుకుని, చేతిలో కొడవలి పట్టుకుని, మృత్యుదేవత వేషంలో వచ్చి ఆయన వైపు వంగి నిలబడ్డాడు. ఆ ఫోటో ప్రపంచమంతా తిరిగింది. యునైటెడ్ 2-0తో ఓడింది, ఏప్రిల్ 22న మోయెస్‌ను తీసేశారు. తర్వాత 2025 జనవరిలో ఎవర్టన్ ఆయన్నే వెనక్కి పిలిచింది. అదే ఏడాది మే 18న, గూడిసన్‌లో పురుషుల జట్టు ఆడిన ఆఖరి మ్యాచ్‌లో, ఆయన ఈసారి సొంత జట్టు వైపు డగౌట్‌లో నిలబడ్డారు. సౌతాంప్టన్ మీద ఎవర్టన్ 2-0తో గెలిచింది. ఆ కొడవలి పట్టుకున్న మనిషి ఆ రోజు ఎక్కడ కూర్చుని ఉన్నాడో, ఏం పాడాడో తెలుసుకోవాలని నాకు చాలా ఉంది.